కడుపునొప్పి నాటకం కాదు, అలాగని ప్రతిసారీ స్కానింగూ కాదు

జూన్‌లో స్కూలు తెరిచిన దగ్గర నుంచి మార్చిలో పరీక్షలు ముగిసేదాకా క్లాస్ టీచర్ల డైరీల్లో ఎక్కువసార్లు కనిపించే మాట ఏదంటే, హోంవర్క్ కాదు, జ్వరమూ కాదు, ‘కడుపునొప్పి’. పొద్దున బస్సు ఎక్కే ముందు ఒకరికి, రెండో పీరియడ్‌లో ఒకరికి, స్లిప్ టెస్ట్ ఉన్న రోజు ముగ్గురికి. సిక్ రూమ్‌లో కాసేపు పడుకోబెడతాం, తగ్గకపోతే మీకు ఫోన్ చేస్తాం. మీరు ఆఫీసులో పర్మిషన్ పెట్టి వచ్చేసరికి బాబు ఆడుకుంటూ ఉంటాడు. అప్పుడు మీ ముఖంలో కోపం, మా ముఖంలో ఇబ్బంది. మధ్యలో పిల్లవాడు ఏం చెప్పాలో తెలియక తల దించుకుంటాడు.

ఇలాంటి పిల్లల విషయంలో పెద్దవాళ్ళం రెండు చివరల్లో నిలబడుతున్నామని నా అభిప్రాయం. కొందరు ‘అదంతా స్కూలు ఎగ్గొట్టడానికి నాటకం మేడమ్, మీరు పట్టించుకోకండి’ అంటారు. ఇంకొందరు నెల తిరక్కుండా మూడు ఆస్పత్రులు మార్చి, రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ చేయించి, ఫైలు పట్టుకుని వస్తారు. ఇద్దరూ పిల్లల మీద ప్రేమతోనే చేస్తారు. కానీ రెండు దారుల్లోనూ ఆ నొప్పి అలాగే ఉండిపోతుంది.

ముందు నాటకం సంగతి. 1958లో ఇంగ్లండ్‌లో జాన్ ఆప్లీ అనే పిల్లల డాక్టరు, నోరా నైష్ అనే మరో డాక్టరుతో కలిసి 1000 మంది బడిపిల్లలను పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, రోజువారీ పనులకు అడ్డుపడేంత కడుపునొప్పి వచ్చినవాళ్ళు దాదాపు పదిమందిలో ఒకరు ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి పుండు, గడ్డ, ఇన్ఫెక్షన్ లాంటి కంటికి కనిపించే జబ్బేమీ దొరకదని ఆప్లీ పరిశీలనల్లో తేలింది. అరవై ఏళ్ళు దాటినా డాక్టర్లు ఇప్పటికీ ఆ మాటే చెబుతున్నారు. జబ్బు దొరకలేదు అంటే నొప్పి లేదని అర్థం కాదు. మన పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నరకణాలు ఉంటాయి. అవి మెదడుతో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. కొందరు పిల్లల్లో ఆ నరాలకు సున్నితత్వం ఎక్కువ. మామూలుగా పేగు కదిలినా, కొంచెం గ్యాస్ చేరినా వాళ్ళకు అది నొప్పిగానే తెలుస్తుంది. ఇంటర్వ్యూకి ముందు మనకు కడుపులో తిప్పినట్టు ఉండదా? అది నాటకమా? పదేళ్ళ పిల్లకు మ్యాథ్స్ టెస్ట్ మన ఇంటర్వ్యూ కంటే చిన్నదేమీ కాదు.

బీఎడ్‌లో మాకు పిల్లల మనస్తత్వం గురించి ఒక పేపరంతా ఉండేది. పిల్లల కడుపు గురించి ఒక్క పేజీ కూడా లేదు. కానీ క్లాసులో మొదటిది ఎంత కనిపిస్తుందో రెండోదీ అంతే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనం మాట్లాడుకోవడానికి సిగ్గుపడే విషయం అది. మలబద్ధకం. బడి వయసు పిల్లల్లో పదేపదే వచ్చే కడుపునొప్పికి బాగా ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇది ఒకటి. ‘మా వాడు రోజూ వెళ్తాడండీ’ అని మీరు అనవచ్చు. రోజూ వెళ్ళినా పూర్తిగా కాకపోవచ్చు. గట్టిగా ఉండలుగా రావడం, ముక్కడం, వెళ్ళడానికి భయపడటం, లోదుస్తులకు మరకలు అంటడం, ఇవన్నీ దాని గుర్తులే. ముఖ్యంగా ఆ మరకలు. లోపల గట్టిపడిన మలం పక్కనుంచి పలుచనిది కారుతుంది. దాన్ని విరేచనాలు అనుకుని ఇంట్లో విరేచనాలు ఆపే మందు వేస్తే సమస్య రెట్టింపవుతుంది. శుభ్రత లేదని తిడితే బిడ్డ ఇంకా బిగుసుకుపోతాడు.

ఇది ఎలా మొదలవుతుందో చూడాలంటే మన పిల్లల పొద్దుటి పూట చూడండి. బస్సు 7 గంటలకు. లేచేది 6:15కి. బ్రష్, స్నానం, యూనిఫామ్, టై, ఒక గ్లాసు పాలు, నోట్లో సగం ఇడ్లీ, పరుగు. తిన్న తర్వాత పెద్దపేగు సహజంగా కదులుతుంది, మోషన్ వచ్చే సమయం అదే. ఆ సమయానికి మన పిల్లలు బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుతుంటారు. స్కూలుకు వచ్చాక వెళ్ళాలనిపించినా వెళ్ళరు. టాయ్‌లెట్ వాసన, గడియ పడదు, మగ్గు లేదు, బయట పెద్ద క్లాసుల పిల్లలు తలుపు కొడతారు. సాయంత్రం స్టడీ అవర్ అయ్యేదాకా బిగబట్టుకుంటారు. అలా రోజూ బిగబడితే పేగు చివరి భాగం సాగిపోతుంది, వెళ్ళాలన్న సూచన మందగిస్తుంది. మలంలోని నీటిని పేగు పీల్చేసుకుంటూ ఉంటుంది కాబట్టి అది ఇంకా గట్టిపడుతుంది. ఒకసారి నొప్పిగా వచ్చిందంటే రెండోసారి వెళ్ళడానికి భయం. ఆ భయంతో మళ్ళీ బిగబట్టడం.

ఆడపిల్లలైతే టాయ్‌లెట్‌కు వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడమే మానేస్తారు. పొద్దున నింపి ఇచ్చిన బాటిల్ సాయంత్రం అలాగే ఇంటికి వస్తే, ‘నీళ్ళెందుకు తాగలేదు’ అని కోప్పడే ముందు ‘బాత్‌రూమ్ ఎలా ఉంది’ అని అడిగి చూడండి. మూత్రం బిగబట్టడం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ కూడా పొత్తికడుపు నొప్పిగానే బయటపడుతుంది. 2019లో కేరళలో స్కూళ్ళు నీళ్ళు తాగడం కోసం ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టాయి. మంచి పనే. అయితే టాయ్‌లెట్ బాగోకపోతే ఆ గంట ఎన్నిసార్లు కొట్టినా పిల్లలు రెండు గుక్కలు తాగి ఊరుకుంటారు.

ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. ఒక అరగంట ముందు లేపండి, అంటే ముందురోజు రాత్రి అరగంట ముందు పడుకోబెట్టండి. టిఫిన్ తిన్నాక ఐదు పది నిమిషాలు ఫోన్ లేకుండా టాయ్‌లెట్‌లో కూర్చోనివ్వండి. వెస్టర్న్ కమోడ్ అయితే చిన్న పిల్లల కాళ్ళు గాల్లో వేలాడతాయి, అలా కూర్చుంటే ముక్కడం కష్టం. పాదాల కింద ఒక చిన్న పీట వేయండి. వచ్చినా రాకపోయినా తిట్టొద్దు, కూర్చోవడమే అలవాటు కావాలి. లంచ్ బాక్స్‌లో రోజూ లెమన్ రైస్, బంగాళాదుంప వేపుడే కాకుండా తోటకూర పప్పు, బీరకాయ, చిక్కుడుకాయ కనిపించాలి. స్నాక్స్ డబ్బాలో చిప్స్ బదులు జామకాయ. డాక్టరు మెత్తబరిచే సిరప్ గానీ పొడి గానీ రాస్తే, నాలుగు రోజులకు బాగుందని ఆపేయకండి. సాగిన పేగు మళ్ళీ మామూలు కావడానికి నెలలు పట్టవచ్చు, ఎప్పుడు తగ్గించాలో ఆయన్నే అడగండి.

నులిపురుగుల సంగతి అమ్మమ్మలు బాగా చెబుతారు, అది నిజంగానే చూసుకోవాల్సిన కారణం. ఏటా ఫిబ్రవరి 10న, చాలా రాష్ట్రాల్లో ఆగస్టు 10న కూడా జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుగుతుంది, పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ‘మా పిల్లలకు అవసరం లేదు’ అని ఆ రోజు సెలవు పెట్టించే తల్లిదండ్రులు ఉన్నారు. ఫీజు కట్టే స్కూలు అని పురుగులకు తెలియదు కదా. ఇక పాలు. మన దక్షిణాదిలో చాలామందికి వయసు పెరిగేకొద్దీ పాలల్లోని చక్కెరను అరిగించే శక్తి తగ్గుతుంది. పొద్దున పాలు తాగిన గంటకు కడుపు ఉబ్బరం, గుడగుడలు, పలుచటి విరేచనం వస్తుంటే డాక్టరుతో మాట్లాడి రెండు వారాలు పాలు ఆపి చూడవచ్చు. పెరుగు చాలామందికి పడుతుంది.

స్కానింగ్ గురించి ఒక్క మాట. ‘కడుపులో గడ్డలు ఉన్నాయట మేడమ్’ అని భయంతో వణుకుతూ ఫోన్ చేసే తల్లులుంటారు. రిపోర్టులో రాసేది చాలాసార్లు లింఫ్ గ్రంథులు కాస్త పెద్దవిగా ఉన్నాయని. పిల్లల్లో జలుబు, వైరల్ జ్వరం వచ్చి వెళ్ళాక ఇవి పెరగడం మామూలే, ఏ నొప్పీ లేని పిల్లల్లోనూ కనిపిస్తాయి. ఆ రిపోర్టును పిల్లల డాక్టరుకు చూపించి, బిడ్డ బరువు, ఆకలి, జ్వరం చూసి ఆయన చెప్పేది వినాలి. ఇంటర్నెట్‌లో వెతికి రాత్రంతా ఏడవకూడదు. అలాగే పెద్దవాళ్ళు వేసుకునే గ్యాస్ మాత్రను సగం చేసి పిల్లలకు వేయడం, పోయినసారి మిగిలిన నొప్పి సిరప్ ఖాళీ కడుపున పట్టించడం మానాలి. కొన్ని నొప్పి మందులే కడుపులో మంట పుట్టిస్తాయి.

అయితే ఇంటి చిట్కాలతో, ‘చూద్దాంలే’ అనుకుంటూ ఆగకూడని నొప్పులు ఉన్నాయి. వాటి విషయంలో మాత్రం నేను ఆందోళనపడే తల్లిదండ్రుల పక్షమే. బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి జరిగి, నడిస్తే, దగ్గితే ఎక్కువయ్యే నొప్పి, దానితోపాటు వాంతులు, జ్వరం, అన్నం వద్దనడం ఉంటే అపెండిసైటిస్ కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. వాము నీళ్ళు, దిష్టి తీయడం తర్వాత చూసుకోవచ్చు. మగపిల్లల్లో వృషణం మెలితిరిగినా కొన్నిసార్లు పొత్తికడుపు నొప్పి అనే చెబుతారు, అసలు చోటు చెప్పడానికి సిగ్గుపడతారు. అందులో గంటలు కూడా విలువైనవే, కాబట్టి నాన్న గానీ తాతయ్య గానీ నేరుగా అడగాలి. పచ్చటి వాంతి, మలంలో రక్తం, నల్లటి మలం, నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం, వదలని జ్వరం, మూత్రంలో మంట, ఇవి కూడా డాక్టరు చూడాల్సినవే. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, చిక్కిపోవడం, వీటితో కడుపునొప్పి, వాంతులు వస్తే వెంటనే షుగర్ పరీక్ష చేయించాలి, పిల్లల్లో డయాబెటిస్ ఇలా కూడా బయటపడుతుంది. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే అంత జాగ్రత్తగా చూడాలన్న మాట కూడా ఆప్లీ పేరుతోనే చెబుతారు. అయితే అపెండిసైటిస్ బొడ్డు దగ్గరే మొదలవుతుంది కాబట్టి అదొక్కటే కొలబద్ద అనుకోవద్దు.

డాక్టరు చూసి, ప్రమాదం లేదని చెప్పాక మన పని మొదలవుతుంది. రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం తిన్నాక, మోషన్ అయిందా, ఆ రోజు స్కూల్లో ఏముంది. ఆదివారం రాకుండా సోమవారమే వస్తుంటే, ఒక సబ్జెక్టు ఉన్న రోజే వస్తుంటే, ఆ పేజీ మాకు చూపించండి. టెస్ట్ భయమా, బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, పక్కన కూర్చునే స్నేహితురాలు మాట్లాడటం మానేసిందా అన్నది మేము తెలుసుకోగలం. ఎనిమిదో తరగతి, ఆ పైన చదివే అమ్మాయిలకు నెలసరి తేదీలు కూడా ఆ నోట్‌బుక్‌లో ఉండాలి.

‘ఇంకా నొస్తోందా?’ అని గంటకోసారి అడగకండి. ఒక ప్రయోగంలో పిల్లలకు కడుపు నిండుగా నీళ్ళు తాగించి, కొందరు తల్లిదండ్రులను నొప్పి గురించే మాట్లాడమన్నారు, కొందరిని వేరే కబుర్లు చెప్పమన్నారు. నొప్పి గురించి మాట్లాడినవాళ్ళ పిల్లలు ఎక్కువ బాధ చెప్పారు, కబుర్లు విన్నవాళ్ళు తక్కువ చెప్పారు. ‘తెలుసు నాన్నా, నొప్పిగానే ఉంది, కాసేపు పడుకుని రెండో పీరియడ్‌కి వెళ్దాం’ అంటే నమ్మినట్టూ ఉంటుంది, స్కూలు పోదు. ఇంట్లో ఉండిపోయిన రోజు మాత్రం టీవీ, ఫోన్ ఉండకూడదు. ఆలస్యంగా వచ్చే పిల్లను గేటు దగ్గర నిలబెట్టకుండా చూడటం మా బాధ్యత.

మా వైపు నుంచి ఇంకొకటి కూడా ఉంది. ‘ఇంటర్వెల్‌లో వెళ్ళలేదా? ఇప్పుడు కూర్చో’ అన్న మాట క్లాస్‌రూముల్లో వినిపించకూడదని నా అభిప్రాయం. 10 నిమిషాల ఇంటర్వెల్‌లో ఒక అంతస్తు పిల్లలంతా వెళ్ళి రాలేరు. ఒకరిద్దరు దాన్ని సాకుగా వాడుకుంటారన్నది నిజమే, వాడుకోనివ్వండి. మిగతా ముప్పై ఎనిమిది మంది కడుపు బిగబట్టుకుని పాఠం వినడం కంటే అదే నయం. మీ బిడ్డకు ఈ సమస్య ఉంటే డైరీలో ఒక లైన్ రాయండి చాలు, కారణం అందరిముందు అడగం, అడగకుండానే పంపుతాం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీట్ మీద సంతకం పెట్టాక ఒక పని చేయండి. మీ పిల్లల క్లాస్ ఉన్న అంతస్తులో టాయ్‌లెట్‌కు వెళ్ళి చూసి రండి. గడియ పడుతోందా, కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా, మగ్గు, సబ్బు ఉన్నాయా, ఆడపిల్లల వైపు మూత ఉన్న చెత్తబుట్ట ఉందా. లేనిది ఏదైనా ఉంటే సూచనల పుస్తకంలో తేదీ వేసి రాయండి.