బాసరకు రెండో ప్రయాణం

మా ఇంట్లో పదిరోజులనుంచి ఒక పెట్టె నోరు తెరుచుకొని కూర్చుంది. ఆ పక్కగా పోయిన ప్రతివాళ్ళూ అందులో ఏదో ఒకటి పడేసి పోతున్నారు. మావారు తాళంకప్పలు రెండు తెచ్చి వేశారు. మా అత్తమ్మ వేపపుల్లల కట్ట పెట్టింది. మా చిన్నమ్మాయి తీసేసింది. అత్తమ్మ మళ్ళీ పెట్టింది. నేను మామిడికాయ తొక్కు సీసాకు మూడు గుడ్డలు చుట్టి ఒక మూల ఇరికించాను. నూనె కారితే బట్టలన్నీ పాడవుతాయని భయంవేసి మళ్ళీ బయటికి తీశాను. ఇంతకూ సంగతేమంటే, అమ్మాయికి బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపువాళ్ళకు ఈ ఒక్క మాట చెబితే చాలు. మిగిలినవారి కోసం నాలుగు ముక్కలు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెల్లో బాగా చదివే పిల్లలను దృష్టిలో పెట్టుకొని రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ అనే విశ్వవిద్యాలయం స్థాపించి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మూడు విద్యాలయాలు పెట్టింది. పదో తరగతి కాగానే ఆ మార్కులమీదనే సీటు ఇస్తారు. సర్కారు బడిలో చదివిన పిల్లలకు కొంత అదనంగా కలుపుతారు. మొదటి రెండేళ్ళు ఇంటర్మీడియట్‌వంటి చదువు, తరువాత నాలుగేళ్ళు ఇంజనీరింగు. మొత్తం ఆరేళ్ళూ తిండీ, పడకా అక్కడే. అప్పట్లో బాసర ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ సీటు తెచ్చుకుంటున్న వారిలో మగపిల్లలకంటె ఆడపిల్లలే ఎక్కువ.

అంటే ఏమిటన్నమాట? మిగతాచోట్ల పదిహేడేళ్ళకో, పద్ధెనిమిదేళ్ళకో ఇల్లు విడిచే పిల్ల, మన దగ్గర పదిహేనేళ్ళకే పెట్టె పట్టుకుంటుంది. సీటు వచ్చిందన్న రోజున వీథివీథంతా మిఠాయి పంచుకున్నాం. మా వాడకట్టు కుర్రవాళ్ళు అమ్మాయి ఫోటోతో చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా కట్టారు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. దానికి ఇప్పటికీ జడ నేనే వేస్తున్నాను.

మా అత్తమ్మ మాత్రం చలించలేదు. దీని అక్షరాభ్యాసం కూడా బాసరలోనే అయింది. మూడేళ్ళ పిల్లను గోదావరి ఒడ్డున గుడికి తీసుకువెళ్ళి, సరస్వతీదేవి ఎదుట పలకమీద అక్షరాలు దిద్దిస్తుంటే, అది పలక విసిరేసి ఇల్లెగిరిపోయేటట్లు ఏడ్చింది. ఆ ముచ్చట చెప్పి అత్తమ్మ నవ్వుతుంది. “గప్పుడు అరగంట కూసోమంటె కూసోలే. ఇప్పుడు ఆరేండ్లు కూసుంటనంటున్నది. అమ్మవారే పిలిచింది, పోనియ్యి బిడ్డా. నేను అత్తగారింటికి వచ్చిన్నాడు నాకు పదమూడేండ్లు. నాకెవ్వరు సూట్‌కేసు కొన్నరు?”

ఇక ఏర్పాట్ల సంగతి. ఇదే దారిలో ఉన్న తల్లులకు పనికివస్తుందని చెబుతున్నాను.

అన్నిటికంటె ముందు కాగితాలు. పదో తరగతి మెమో, టీసీ, బోనఫైడ్ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం ధ్రువపత్రాలు, ఆధార్, ఫోటోలు. ఇవన్నీ ఒక సంచిలో పెట్టి, ప్రతిదానికీ నాలుగేసి నకళ్ళు తీయించండి. అంతకన్న ముఖ్యం, అన్నిటిలోనూ పేరు ఒకే తీరుగా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. మా అమ్మాయి పేరులో ఆధార్‌లో ఒక ఇంగ్లీషు అక్షరం ఎక్కువ పడింది. ఆ ఒక్క అక్షరం కోసం మావారు మూడు రోజులు సెలవు పెట్టి తిరిగారు. సీటు రాకముందే చూసుకొని ఉంటే మూడు నిమిషాల పని.

తరువాత డబ్బు. పిల్ల పేర బ్యాంకు ఖాతా ఉండాలి, అందులో నెలకు ఇంత అని వేయాలి, అయిన ఖర్చు అది రాసుకోవాలి. ఈ రోజుల్లో సీట్ల జాబితాలు వెలువడగానే స్కాలర్‌షిప్ వచ్చిందనీ, ఫీజు కట్టాలనీ ఫోన్లు చేసే మోసగాళ్ళు బయలుదేరుతున్నారు. ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు అమ్మా బాపు అడిగినా చెప్పవద్దని నేను దానితో వట్టు వేయించుకున్నాను.

మూడవది చేతిపని. సంచులనిండా సామాను కొనడంలో పడి మనం మరిచిపోయేది ఇదే. ఒక ఆదివారం మా అమ్మాయిని బట్టలు ఉతకమన్నాను. సబ్బుపొడి సగం డబ్బా బకెట్లో కుమ్మరించింది. నురుగు వాకిలిదాకా వచ్చింది. గుండీ కుట్టమంటే సూదిలోకి దారం ఎక్కడానికి పావుగంట పట్టింది. తప్పు దానిది కాదు. ‘చదువుకొనే పిల్ల, నువ్వు ముట్టకు’ అని పదేళ్ళు నేనే అన్నాను. జ్వరం వచ్చినప్పుడు ఏ మాత్ర ఎంత వేసుకోవాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళి తీరాలో చెప్పాను. నెలనెలా తేదీ రాసిపెట్టుకోమనీ, నొప్పి ఎక్కువైతే సిగ్గుపడి పడుకోవద్దనీ చెప్పాను. జడ వేసుకోవడం మటుకు తనే నేర్చుకుంది. రెండు రోజులు వంకరగా వచ్చింది. నేను చేతులు కట్టుకొని కూర్చున్నాను. ఆ రెండు రోజులూ నాకే కష్టంగా ఉంది.

నాలుగవది ప్రయాణం. కరీంనగర్‌నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా నిజామాబాదు. అక్కడనుంచి మరి 35 కిలోమీటర్లు పోతే బాసర. మా అమ్మాయి ఎప్పుడూ ఒంటరిగా బస్సు ఎక్కలేదు. మా ఆడబిడ్డ కోరుట్లలో ఉంది. ఒకరోజు పొద్దున బస్‌స్టాండులో దాన్ని వదిలి, “మీ అత్త ఇంటికి పోయి, అన్నం తిని, పొద్దుగూకకముందు తిరిగి రా” అన్నాను. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా; ఆధార్ చూపితే కండక్టరు జీరో టికెట్టు ఇస్తాడు. అంచేత డబ్బు పోతుందనే సాకు కూడా నాకు మిగలలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి ఇంటికి వచ్చి, సాయంత్రందాకా గడియారం చూస్తూ కూర్చున్నాను. జగిత్యాలలో దిగవలసిన పని లేకపోయినా దిగి, ఇంకో బస్సెక్కిందట. పోతేపోనీ, తనే అడిగి తెలుసుకొని ఎక్కింది. ఇంటికి వచ్చి పెద్ద ఆరిందాలాగ మంచినీళ్ళు అడిగింది.

ఇన్ని నేర్పాను కదా, ఇక ఫరవాలేదనుకున్నాను. అప్పుడే పెట్టె సర్దుతుంటే బట్టల అడుగున ఒక నోటుబుక్కు కనపడింది. తెరిచి చూస్తే, పేజీకి రెండు వరుసలు. ఒక పక్క సమీకరణం, వర్గమూలం, త్వరణం, ద్రవ్యరాశి. ఎదురుగా వాటి ఇంగ్లీషు మాటలు, వాటిని ఎలా పలకాలో తెలుగు అక్షరాలతో. అలా నలభై పేజీలు. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. అక్కడ పాఠం ఇంగ్లీషులో చెబుతారు. రాత్రిళ్ళు మేమంతా నిద్రపోయాక కూర్చొని ఇవన్నీ రాసుకుంటున్నదన్నమాట. ఒకటి రెండు చోట్ల సిరా చెమ్మ తగిలి చెదిరింది.

పక్కన కూర్చోబెట్టుకొని అడిగాను. మొదట ఏమీ లేదంది. తరువాత ఏడ్చింది.

నాకు తెలిసిన ధైర్యమంతా చెప్పాను. “మన సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు బీఏ దాకా ఉర్దూ మీడియంలో చదివారు. తరువాత తెలుగులోనే ఎమ్మే చేసి, తెలుగు ఆచార్యులై, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. మన వంగర పీవీ నరసింహారావు గారు 1938లో వందేమాతరం ఉద్యమంలో చేరినందుకు ఉస్మానియానుంచి బయటికి పంపితే, నాగపూరు పోయి చదువు సాగించారు. భాష అడ్డమనీ, దూరమనీ వాళ్ళు ఆగారా?” అన్నాను.

అమ్మాయి అంతా విని, కళ్ళు తుడుచుకొని, “వాళ్ళు గొప్పోళ్ళమ్మా. నాకు అక్కడ సమజ్ కాకపోతే? నేను వాపసొస్తే బాపు ఏమంటడు? చౌరస్తల ఫ్లెక్సీ కట్టిన్రు గద” అంది.

నాకు నోట మాట రాలేదు. నేను పెద్దవాళ్ళ కథలు చెప్పి దానిమీద ఇంకో మూట పెట్టానే గాని, ఉన్న మూట దించలేదు. ఒకే కప్పు కింద, పక్క గదిలో పడుకొని కూడా ఇన్ని రాత్రులు ఈ మాట నాకు చెప్పని పిల్ల, అంత దూరం పోయాక చెబుతుందా?

మావారు వాకిట్లో పేపరు చదువుతున్నారనుకున్నాను. లేచి లోపలికి వచ్చారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. “పోయిన బస్సే మర్ల వస్తది బిడ్డా. సమజ్ కాకుంటె సారును అడుగు. అడిగినా కాకుంటె ఎక్కి రా. ఎందుకొచ్చినవని నేను అడగ. ఫ్లెక్సీ అంటవా, వానకు ఆర్నెల్లు గూడ ఉండది” అన్నారు.

అమ్మాయి ఏడుపులోనే నవ్వింది. ఆ రాత్రి అది తొందరగా పడుకుంది.

మరునాడు ముగ్గురం కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నాం. వారానికి రెండుసార్లు ఫోను చేయాలి. అందులో మొదటి ప్రశ్న మార్కులను గురించి ఉండకూడదు. ఇది మాకు పెట్టిన షరతు. ‘బాగున్నా’ అనడంతో సరిపోదు, ఆ వారంలో కష్టమనిపించింది ఒకటైనా చెప్పాలి. ఇది దానికి పెట్టిన షరతు. మేమూ మా కష్టం ఒకటి చెప్పాలట. సరేనన్నాం.

తల్లిదండ్రుల భయాలు వట్టివని నేననను. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు మంచి తిండి, వసతులు, చాలినంతమంది అధ్యాపకులు కావాలని దాదాపు వారంరోజులు ఎండనక వాననక ఆరుబయట కూర్చున్న సంగతి పత్రికల్లో చదివాం. పంపి ఊరుకోవడం కాదు. వెళ్ళినప్పుడల్లా భోజనశాల చూడాలి, నీళ్ళు చూడాలి, తోటి తల్లిదండ్రులతో పరిచయం పెట్టుకోవాలి. రాగింగును నిషేధిస్తూ 1997లోనే మన దగ్గర చట్టం వచ్చింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు చేసింది. అటువంటిది జరిగితే 1800-180-5522కు ఫోను చేయవచ్చు. మనసు బరువైనప్పుడు మాట్లాడడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ రెండు నంబర్లూ పెట్టె మూత లోపలివైపు కాగితంమీద రాసి అంటించాను. వాటి కింద మావారి నంబరు కూడా రాశాను. “బాపు నంబరు నాకు తెల్వదా అమ్మా?” అంది. తెలిసినా ఉండనీ అన్నాను.

నిన్న సకినాలు, గరిజెలు చేశాను. సంక్రాంతికి చేసే సకినాలు ఈ కాలంలో ఏమిటని పక్కింటి వదిన అడిగింది. పిల్ల పోతున్నప్పుడే మాకు సంక్రాంతి అనుకోమన్నాను. గదిలో ఉండబోయే మిగతా పిల్లలకు కూడా సరిపోయేటట్లు చేశాను. కొత్తచోట స్నేహానికి డబ్బా మూత తీయడంకన్న తేలిక మార్గం నాకు తెలియదు.

నోటుబుక్కు ఇప్పుడు బట్టల అడుగున లేదు, పైనే ఉంది. ఖాళీ పేజీలు ఇంకా చాలా ఉన్నాయి. వేపపుల్లల కట్ట కూడా చివరికి ఉండిపోయింది. అమ్మాయే తీసి, మళ్ళీ తనే పెట్టింది. ఈ మాటలు మీరు చదివేనాటికి అది బాసర చేరి ఉంటుంది. మొదట అమ్మవారి దర్శనం, తరువాత హాస్టలు అని అత్తమ్మ ఆజ్ఞ. ఈసారి పలక విసరకుండా చూడమని కూడా చెప్పింది.

వచ్చే వారంనుంచి పొద్దున నాకు ఒక పావుగంట తీరిక దొరుకుతుంది. జడ వేసే పని లేదు కదా. ఆ పావుగంటలో ఏం చేయాలో ఇంకా ఆలోచించుకోలేదు.