బందూకుకి అటువైపు ఎప్పుడూ మనమేనా?

డిసెంబర్ వస్తే చాలు, ప్రతి గేమింగ్ వెబ్‌సైటూ, ప్రతి యూట్యూబ్ దుకాణమూ ఒక ఫెహ్రిస్త్ వేలాడదీస్తాయి. "ఈ ఏటి మేటి పది ఆటలు" అని పెద్ద అక్షరాల్లో. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకోటి: "మీ నజర్ దాటిపోయిన చిన్న ఆణిముత్యాలు" అని. మొదటిది దర్బారు. రెండోది దర్బారు బయట చెప్పులు విడిచే చోటు.

2024 ఫెహ్రిస్త్‌లు కూడా వచ్చి వెళ్ళాయి. ద గేమ్ అవార్డ్స్‌లో ఆస్ట్రో బాట్‌కి తాజ్ దక్కింది. చిన్న రోబో, ముచ్చటైన ఆట, ముబారక్. నా షికాయత్ ఆ రోబో మీద కాదు. గ్రాఫిక్స్‌కి మార్కులు వేస్తారు, సంగీతానికి వేస్తారు, కథ నడకకి వేస్తారు. బందూకు గొట్టానికి అటువైపు ఎవరిని నిలబెట్టారన్నది మాత్రం ఎవరూ అడగరు. అడగరు కాబట్టే ఆ చిన్న అక్షరాల జాబితా కూడా అబద్ధమే అవుతుంది. ఎందుకో చెప్తాను, కొంచెం సబర్‌తో వినండి.

2024 అక్టోబర్‌లో కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 6 వచ్చింది. కథ 1991 గల్ఫ్ జంగ్ కాలంలో నడుస్తుంది. సద్దాం మహల్, ఎడారి, ట్యాంకులు, అన్నీ ఉన్నాయి. డిసెంబర్‌కల్లా ఉత్తమ యాక్షన్ ఆట విభాగంలో నామినేషన్ కూడా వచ్చింది. కువైట్‌లో మాత్రం ఆ ఆట విడుదలకి ఇజాజత్ దొరకలేదు. ఎవరి గడ్డ మీద ఆ జంగ్ జరిగిందో, వాళ్ళ దేశంలో ఆ ఆట అమ్మకానికి లేదు. మనలో చాలామందికి కువైట్ పటంలో కనిపించే పేరు మాత్రమే కాదు. కడప, రాయచోటి ఇళ్ళలో కువైట్ అంటే నెలనెలా వచ్చే డబ్బు, ఏళ్ళ తరబడి రాని మనిషి. 1990లో లక్షా 70 వేల మందికి పైగా భారతీయులు అక్కడి నుంచి కట్టుబట్టలతో విమానాలెక్కారు. ఆ ఆటకి ర్యాంకు ఇచ్చే రివ్యూలో ఇలాంటి సంగతికి ఒక్క లైను జాగా దొరకదు.

ఇది ఒక్క ఏడాది సంగతి కాదు. 2009లో వచ్చిన మోడరన్ వార్‌ఫేర్ 2లో కరాచీ పేరుతో ఒక మ్యాప్ ఉంది. అందులో బోర్డుల మీద రాత అరబీలో ఉంది. కరాచీ బోర్డులు రాసేది ఉర్దూలో. ఉర్దూ మీడియం బడిలో అలిఫ్ బే దిద్దినవాణ్ణి కాబట్టి ఆ ఫర్క్ నా కంటికి ఇట్టే తగులుతుంది. ఉర్దూ లిపిలో ఉండే టే, డాల్ అరబీలో ఉండవు. ఏ బడి పిల్లాడిని అడిగినా చెప్తాడు. గోడ మీద బుల్లెట్ దిగిన గాటుని, ఎగిసే దుమ్ముని అచ్చంగా గీయడానికి కోట్లు ఖర్చు పెట్టినవాళ్ళకి, కోటి మందికి పైగా ముస్లింలు బతికే ఊరి జుబాన్ ఏదని అడగడానికి ఒక్క ఫోన్ కాల్ ఖర్చు ఎక్కువైపోయింది.

2019 మోడరన్ వార్‌ఫేర్ ఇంకో అడుగు ముందుకేసింది. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి బస్రా వైపు వెనుదిరిగి పోతున్న ఇరాకీ కాన్వాయ్‌లని అమెరికా నాయకత్వంలోని విమానాలు కాల్చి బూడిద చేశాయి. ఆ రోడ్డుకి హైవే ఆఫ్ డెత్ అని పేరు పడింది. ఆటలో ఆ పేరే వాడుకున్నారు. ఉర్జిక్‌స్తాన్ అనే లేని దేశాన్ని పుట్టించి, అక్కడ ఆ జుల్మ్ చేసింది రష్యా అని చెప్పారు. తారీఖులో ముద్దాయి ఒకరు, తెర మీద ముద్దాయి ఇంకొకరు. 2021లో వాన్‌గార్డ్ ఆటలో ఖురాన్ పేజీలు నేల మీద పడి కనిపించాయి. గొడవయ్యాక తీసేసి మాఫీ అడిగారు.

ఇవన్నీ దుష్మనీతో చేశారని నేననడం లేదు. దుష్మనీకి కూడా ఎదుటివాడి మీద కాస్త ధ్యాస కావాలి. ఇక్కడున్నది లాపర్వాహీ. అటువైపు ఉన్నవాడు నిషానా మాత్రమే అనుకున్నప్పుడు వాడి లిపి ఏదైతేనేం, వాడి ఊరు ఏదైతేనేం, వాడి కితాబు నేల మీదుంటేనేం?

ఇక ఆ రెండో ఫెహ్రిస్త్ సంగతి. "మీ నజర్ దాటిపోయిన ఆణిముత్యాలు" అంటారు. ఆణిముత్యం తనంతట తను ఆల్చిప్పలో దాక్కుంటే అది కుదరత్. తలుపు మూసి, పైన బోల్టు పెట్టి, తర్వాత "అయ్యో, ఎవరూ చూడలేదే" అనడం మక్కారీ.

2016లో నబ్లూస్‌కి చెందిన రషీద్ అబూఎయిదే అనే ఫలస్తీనీ డెవలపర్ "లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్" అనే చిన్న ఆట చేశాడు. నలుపూ బూడిదా రంగు బొమ్మలు. ఆడితే అరగంట కూడా పట్టదు. 2014లో గాజా మీద బాంబులు పడుతున్న రాత్రి ఒక తండ్రి తన భార్యనీ, చిన్నారి లైలానీ కాపాడుకోవడానికి పరిగెత్తుతుంటాడు. చేతిలో బందూకు లేదు. మామూలు ఆటల్లో సరైన ఎంపిక చేస్తే బతుకుతాం. ఇక్కడ ఏది ఎంచుకున్నా బాంబు పడుతుంది. ఆటల నియమాన్నే తిరగేసి, గాజాలో ఎంపిక అనేదే లేదని చెప్పాడు. అంతకంటే పెద్ద హునర్ ఏముంటుంది?

యాపిల్ ఏం చేసింది? దీన్ని ఆటల విభాగంలో పెట్టడం కుదరదంది. వార్తల విభాగంలోనో, రెఫరెన్స్ విభాగంలోనో పెట్టుకోమంది. ఎంత నఫాసత్‌తో చెప్పారో చూడండి! ఎడారి ఊళ్ళో తలపాగా వాళ్ళని వందలుగా కాల్చేది ఆట. బిడ్డని ఎత్తుకుని పరిగెత్తేది ఆట కాదు. జనం అల్లరి చేశాక కొద్ది రోజులకి వెనక్కి తగ్గారు, ఆటల్లో చేర్చారు. అల్లరి జరగకపోతే? ఏ ఏడాది ఫెహ్రిస్త్‌లో వెతికినా లైలా పేరు దొరికేది కాదు, "నజర్ దాటిపోయింది" అని సరిపెట్టుకునేవాళ్ళం.

అదే రషీద్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంకో ఆట కోసం తిరిగాడు. దాని పేరు "డ్రీమ్స్ ఆన్ ఎ పిల్లో". 1948 నక్బాలో తంతూరా ఊరి నుంచి పారిపోతూ ఒక తల్లి, బిడ్డ అనుకుని దిండుని ఎత్తుకొచ్చిందని ఫలస్తీనా జనం చెప్పుకునే కహానీ ఉంది. దాని మీద కట్టిన ఆట ఇది. పబ్లిషర్లు ముందుకు రాలేదు. ఫలస్తీనా నుంచి కిక్‌స్టార్టర్‌లో చందా అడిగే వీలే లేదు. మనిషి కుటుంబం గడవడానికి నబ్లూస్‌లో పప్పులు, గింజలు వేయించి అమ్మే దుకాణం పెట్టుకున్నాడు. చివరికి 2024 ఆఖర్లో లాంచ్‌గుడ్ అనే ముస్లిం చందాల వేదిక మీదికి వెళ్తే మామూలు జనం తలా కొంచెం వేసి నిలబెట్టారు. ఆ ఆట రేపు పూర్తయి బయటికొస్తే ఏ వెబ్‌సైటో దాన్ని కూడా ఆణిముత్యం అంటుంది. పప్పుల పెనం దగ్గర పోయిన ఆ ఏళ్ళ గురించి ఒక్క ముక్క రాయదు.

తలుపు సగం తెరుచుకున్నా ఫర్క్ ఉండదు అనడానికి 2024లోనే ఒక మిసాల్ ఉంది. నా ఫెహ్రిస్త్‌లో ఆ ఏటి పైవరస ఆట అదే: "టేల్స్ ఆఫ్ కెన్‌జెరా: జావు". చేసినవాడు అబూబకర్ సలీం. అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్‌లో బయెక్ పాత్రకి గొంతు ఇచ్చిన నటుడు. తండ్రి పోయిన గమ్ నుంచి ఈ ఆట పుట్టింది. జావు అనే కుర్ర షామన్ మౌత్ దేవుడు కలుంగాతో సౌదా చేస్తాడు: మూడు పెద్ద రూహ్‌లని తెచ్చిస్తాను, మా అబ్బాని తిరిగివ్వు అని. సూర్యుడి ముసుగు, చంద్రుడి ముసుగు మార్చుకుంటూ పోరాడాలి. జనాజా మోసిన కొడుకు ఎవడికైనా ఆ సౌదా ఎందుకు చేశాడో అర్థమవుతుంది, ఎందుకు కుదరదో కూడా అర్థమవుతుంది. ఏప్రిల్‌లో ఆట వచ్చింది. నల్లవాళ్ళ కథ ఎందుకని ఆన్‌లైన్‌లో గాలీలు మొదలయ్యాయి. జూలైలో ఆ చిన్న స్టూడియోలో ఉద్యోగాల కోత. అక్టోబర్‌లో ఆటల విభాగం పనే ఆపేశారు. ఆ తర్వాత అవార్డుల నామినేషన్ వచ్చింది, "గేమ్స్ ఫర్ ఇంపాక్ట్" విభాగంలో. చూల్హా ఆరిపోయాక దావత్‌కి పిలుపొచ్చినట్టు.

"ఆటేగా భాయ్, దీంట్లో కూడా మజహబ్ వెతుకుతావా?" అంటారని తెలుసు. అవార్డు స్టేజీ మీద నిలబడి ఇది కళ, ఇది ఈ శతాబ్దపు సినిమా అంటారు. నిలదీస్తే ఇది ఉత్త ఆట అంటారు. రెండింట్లో ఏదో ఒకటే నిజం. కళ అయితే దానికి గవాహీ ఇచ్చే బాధ్యత ఉంది. అది కుదురుతుందని కూడా చూశాం. 2014లో పోలాండ్ వాళ్ళు చేసిన "దిస్ వార్ ఆఫ్ మైన్" సరాయెవో ముట్టడి నుంచి పుట్టింది. అందులో మీరు సిపాయి కాదు, పగిలిన ఇంట్లో మందులు, తిండి వెతుక్కునే మామూలు మనిషి. పోలాండ్ దాన్ని స్కూళ్ళలో వాడుకోవచ్చని తన జాబితాలో పెట్టింది. 2023లో కెనడాలోని తమిళ పిల్లలు "వెన్బా" చేశారు. పరాయి దేశంలో ఒక తల్లి, పాడైపోయిన అమ్మ వంటల పుస్తకం, కొడుకు నోట్లోంచి జారిపోతున్న జుబాన్. ఇడ్లీ పాత్రలో పళ్ళేలు సరిగ్గా పేర్చడమే అందులో మొదటి పరీక్ష. 2024లో బాఫ్టా దానికి ఉత్తమ తొలి ఆట ఇనామ్ ఇచ్చింది. తుపాకీ లేకుండానే ఆట నడుస్తుంది. వంటింటి కథకి కూడా దర్బారులో కుర్సీ దొరుకుతుంది, దొరకనిస్తే.

ఇప్పుడు మనవాళ్ళతో రెండు మాటలు. ఇంత సేపూ పరాయివాళ్ళని తిట్టి మన ఇంటిని వదిలేస్తే ఇంసాఫ్ కాదు.

తెలుగు పత్రికల్లో "ఆన్‌లైన్ గేమ్" అనే మాట కనిపిస్తే దాని అర్థం రమ్మీ, అప్పు, ఖుద్‌కుషీ. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో డబ్బు పెట్టి ఆడే వాటి మీద చట్టాలు తెచ్చాయి. మంచిదే. కానీ జువ్వాకీ ఆటకీ ఒకే పేరు పెట్టి ఒకే పేజీలో పడేసింది మనమే. పత్రికల్లో పనిచేసేవాడిగా చెప్తున్నాను, సినిమాకి రివ్యూ ఉంది, క్రికెట్‌కి పేజీ ఉంది, ఊరంతా ఆడే ఆటల గురించి మాట్లాడే జాగా లేదు. మిగిలింది మస్జిద్ మెట్ల మీద పెద్దలు. వాళ్ళు "సబ్ హరామ్" అని ఒక్క మాటతో మూసేస్తారు. పిల్లాడు ఆడటం ఆపాడా? లేదు. దుప్పట్లో ఆడతాడు. ఏది జువ్వా, ఏది కాదు, ఏది తన లాంటి వాణ్ణి కాల్చడం నేర్పుతోంది, ఏది తన కథ చెప్తోంది అని చెప్పేవాడు ఇంట్లో ఒక్కడూ లేడు.

ఆ తేడా చెప్పడం అవసరమని 2024 గట్టిగానే గుర్తు చేసింది. బలాట్రో అనే ఆటని ఒక్కడే కూర్చుని చేశాడు. పేక ముక్కలుంటాయి, పోకర్ చేతులుంటాయి, ఒక్క పైసా పందెం ఉండదు. ద గేమ్ అవార్డ్స్‌లో మూడు ఇనామ్‌లు గెలిచింది. యూరప్ రేటింగ్ సంస్థ పెగి దానికి 18 ఏళ్ళ ముద్ర వేసింది, పేక బొమ్మలున్నాయని. నిజం డబ్బుతో తెలియని ప్యాకెట్లు కొనిపించే ఫుట్‌బాల్ ఆటకి 3 ఏళ్ళ ముద్ర. సూరత్ చూసి ఫత్వా ఇవ్వడం మన మౌల్వీ సాబ్‌లే కాదు, యూరప్ సాబ్‌లు కూడా చేస్తారు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" రాసినప్పుడు, 1998లో "జల్‌జలా" సంకలనం వచ్చినప్పుడు తెలుగు ముస్లిం కవులు అడిగింది ఒకటే: మా గురించి మీరు చెప్పిన కథలు చాలు, మా కథ మేం చెప్తాం అని. అప్పుడది కాగితం మీది జగడా. ఇప్పుడు మన పిల్లలు రోజుకి మూడు గంటలు చూసే తెర మీద అదే జగడా నడుస్తోంది, మనవాళ్ళు మాత్రం మైదానంలో లేరు. 2024 నవంబర్‌లో దేశంలోని గేమ్ డెవలపర్ల పెద్ద సభ హైదరాబాద్‌లోనే జరిగింది. ఈ ఊళ్ళోని ఆఫీసుల్లో ప్రపంచం ఆడే ఆటలకి పని చేస్తున్నవాళ్ళలో మన సల్మాలూ, ఇమ్రాన్‌లూ కూడా ఉన్నారు. వాళ్ళకి బొమ్మ గీసే హునర్ ఉంది, కోడ్ రాసే హునర్ ఉంది. అమ్మీ చెప్పిన కహానీ ఆటకి పనికొస్తుందనే యకీన్ ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి ఫెహ్రిస్త్‌లు రాసే సాబ్‌లకి నా అర్జీ ఇది. వచ్చే డిసెంబర్‌లో ప్రతి ఆటకీ ఇంకో మార్కు వేయండి: ఇందులో చచ్చేవాడికి పేరుందా? వాడి బోర్డు వాడి జుబాన్‌లో ఉందా? చిన్న ఆటల్ని జాలితో కింద వేలాడదీయడం ఆపి, వాటి తలుపు ఎవరు మూశారో పేరు పెట్టి రాయండి.

మన ఇళ్ళలో పెద్దలకి అర్జీ ఇంకా చిన్నది. ఈ జుమ్మా తర్వాత పిల్లాడి ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చోండి. లైలా ఆడమనండి. అరగంట కూడా పట్టదు. ఆట అయ్యాక వాడు అడిగే ప్రశ్నకి మీ దగ్గర జవాబుందో లేదో చూసుకోండి.