కాంపౌండు గోడ దాటని సువార్త

చిలుకూరు అనగానే హైదరాబాదు మిత్రులకు వీసా బాలాజీ గుడి గుర్తుకొస్తుంది. మేం చెప్పేది ఆ చిలుకూరు గురించి కాదు. కోదాడ, హుజూర్‌నగర్‌ల నడుమ, సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండించే మా చిలుకూరు గురించి. ఇక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మఠంపల్లి పోతే శుభవార్త దేవాలయం కనిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో అంత పెద్ద కథోలిక గుడి అరుదు. మా ప్రాంత కథోలికుల్లో రెడ్లూ ఉన్నారు, మాల మాదిగలూ ఉన్నారు. పూజలో అందరూ ఒక్క చేతి మీదుగానే దివ్యసత్ప్రసాదం అందుకుంటారు. గుడి మెట్లు దిగినాక ఎవరి వాడ వారిదే.

ఈ మాటకు ఫాదర్లకు కోపం రావచ్చు. రానివ్వండి. 1976లో ఏర్పడిన నల్లగొండ పీఠం కింద ఊరూరా విచారణలున్నాయి. విచారణ గురువుకు ఊరి సంగతులు తహసీల్దారు కంటే బాగా తెలుసు. ఎవరి భూమి ఎవరి పేరు మీదికి ఎక్కిందో, ఏ సంతకానికి ఎంత ముట్టజెప్పాలో, రేషన్ తూకంలో ఎన్ని కిలోలు ఎగిరిపోతున్నాయో ఇండ్లు దీవించడానికి పోయినప్పుడు ఆయన చెవిన పడుతూనే ఉంటుంది. చదువుకున్న మనిషి, ఊరి పెద్దలకు భయపడే పనిలేని మనిషి, కలెక్టరు కూడా కుర్చీ చూపించే మనిషి. ఆయనే నోరు మూసుకుంటే నష్టమెవరికి?

‘మీకెందుకు ఈ లొల్లి, ప్రార్థనలు చేసుకోండి’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ పాట మనకు కొత్త కాదు. ఉస్మానియా విద్యార్థులకు ‘మీరు చదువుకోండి’ అన్నారు. 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులకు ‘మీరు ఫైళ్లు చూసుకోండి’ అన్నారు. ఎవరి పని వాళ్లు చూసుకుంటే దోచుకునేవాడి పని సులువవుతుందన్నదే ఆ సలహాలోని కిటుకు.

ఆ సలహా వినని ఫాదరు ఒకాయన ఉండె. తమిళనాడులో పుట్టి, జార్ఖండ్ ఆదివాసుల నడుమ బతికిన జెస్విట్ గురువు స్టాన్ స్వామి. గనుల కోసం భూములు గుంజుకుంటుంటే ఎదురుతిరిగిన ఆదివాసీ యువకులను మావోయిస్టులని ముద్రవేసి జైళ్లలో పెడుతున్నారని ఆయన లెక్కలు తీశాడు, హైకోర్టుకు పోయాడు. 2020 అక్టోబర్ 8న ఆయననే భీమా కోరేగావ్ కేసులో ఉపా చట్టం కింద అరెస్టు చేశారు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణుకుతుంటే నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ ఇప్పించమని కోర్టును అడుక్కోవాల్సి వచ్చింది. విచారణ మొదలు కాలేదు, బెయిలు రాలేదు. 2021 జూలై 5న ముంబై ఆసుపత్రిలో 84 ఏండ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన కోసం మన చర్చిల్లో కొవ్వొత్తులు వెలిగించారు. మంచిదే. కానీ ఆయన చేసిన పని ఎత్తుకున్నవాళ్లు ఎందరు?

ఒక్కరూ లేరంటే అబద్ధమవుతుంది. 2013 డిసెంబర్ 11న ఢిల్లీలో దళిత క్రైస్తవుల హక్కుల కోసం బిషప్పులు, ఫాదర్లు, సిస్టర్లు రోడ్డెక్కారు. పోలీసులు నీళ్ల ఫిరంగులు పేల్చి, లాఠీలు ఝళిపించి, ఢిల్లీ ఆర్చిబిషప్ అనిల్ కూటోను సైతం అదుపులోకి తీసుకున్నారు. అడిగినదేమిటి? 1950 రాష్ట్రపతి ఉత్తర్వును సవరించమని. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఎస్సీ హోదా ఇచ్చారు. క్రైస్తవ దళితుడికి మాత్రం లేదు. మన దగ్గర వాళ్లను బీసీ-సిలో వేసి ఒక్క శాతం విదిలించారు. అందుకే సర్టిఫికెట్ మీద ఒక మతం, ఆదివారం నాడు ఇంకో మతం. ఈ దాపరికం ఉన్నచోట లంచానికి తలుపు తెరిచినట్టే. ఫలానా వాడు చర్చికి పోతున్నాడని ఫిర్యాదు చేస్తానని ఒకడు బెదిరిస్తే చాలు, చదువుకునే పిల్లగాడి బతుకు వాడి గుప్పిట్లో పడుతుంది.

అయితే సర్కారును అడిగే నోటికి ఇల్లు చక్కబెట్టుకునే దమ్ము కూడా ఉండాలి. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబర్‌లో దళిత విధానం ప్రకటిస్తూ సంఘం లోపల వివక్ష ఉందని ఒప్పుకున్నది. దేశంలోని 1.90 కోట్ల కథోలికుల్లో 1.20 కోట్లమంది దళితులేనని లెక్క కూడా చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కడప బిషప్ గల్లెలా ప్రసాద్‌ను అపహరించి కొట్టిన కేసులో పోలీసులు పట్టుకున్నవాళ్లలో ఫాదర్లే ఉన్నారు. ఒకరు డబ్బు లెక్కలన్నారు, ఇంకొకరు కులమన్నారు. బిషప్ దళితుడు. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంటోని దేశంలో తొలి దళిత కార్డినల్ అయినప్పుడు మేమూ సంతోషించాం. పైన ఒకరికి ఎర్రటోపీ వచ్చింది సరే, కింద వాడల్లో సమాధుల దొడ్డి ఒక్కటైందా? పట్నంలో మిషన్ బడి ఫీజు కట్టలేక సొంత సంఘం పిల్లలే సర్కారు బడికి పోతుంటే దాన్ని ఏమనాలి?

మిర్యాలగూడ మాకు దూరమేమీ కాదు. 2018 సెప్టెంబర్ 14న పెరుమాళ్ల ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య కండ్ల ముందే, ఆసుపత్రి గేటు దగ్గర నరికి చంపారు. అతను దళిత క్రైస్తవుడు, ఆమెది వైశ్య కుటుంబం. సుపారీ ఇచ్చింది కన్నతండ్రి. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని చెప్పేవాళ్లు ఆ గేటు దగ్గర ఒక్కసారి నిలబడి చెప్పాలి. కోర్టు తన పని చేసింది. మరి మా ప్రాంతపు గుళ్లలో ఒక రెడ్డి పిల్ల, ఒక మాదిగ పిల్లగాడు పెండ్లి ప్రకటన రాయించుకోవడానికి వస్తే ఫాదరు ఏం చేస్తాడు? పెద్దలను పిలిపించి నచ్చజెపుతాడా, లేక ‘వేరే విచారణకు పోండి’ అంటాడా?

ఇవన్నీ ఫాదర్లను గేలిచేయడానికి రాయడం లేదు. వాళ్లు మా మనుషులే. పండుగ చందా ఎంత వచ్చింది, ఎంత పోయిందన్న లెక్క గుడి తలుపు మీద అంటించండి. విచారణ సభలో వాడ మనిషికి కుర్చీ వేయండి. ఆ తర్వాత సోమవారం ప్రజావాణికి, పట్టా పోగొట్టుకున్న ముసలమ్మ వెంట, ఆ తెల్లటి అంగీ వేసుకునే రండి. అర్జీ మేం రాసి పెడతాం.