పంపకు తమ్ముడూ... పాడుకో!

పాఠకుల ఉత్తరాలకు ఆలస్యంగానైనా సరే జవాబివ్వడం ఈ శీర్షికకు అలవాటు. కానీ ఒక ఉత్తరాన్ని మాత్రం నెల రోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. జవాబు తెలీక కాదు... తెలిసిన జవాబు ఎలా చెప్పాలో తెలీక!

హుస్సేనీ ఆలం నుంచి ఓ కుర్రాడు రాశాడు. డిగ్రీ చివరి సంవత్సరం. పేరు వెయ్యొద్దన్నాడు గనక వెయ్యడం లేదు. ముఖ్యమైన ముక్కలు మాత్రం అతని మాటల్లోనే చదవండి.

“అన్నా! మీరు పాటల గురించి రాస్తరు కదా, నాకొక్కటి చెప్పుండ్రి. ఇంటర్ల ఉన్నప్పటి నుంచి నేనూ ఒకమ్మాయీ ఇష్టపడ్డం. ఇప్పుడు లేదు. వచ్చే నెల ఆమె పెండ్లి. మా దోస్తు ఒకడు ‘బాజార్’ సిన్మాల ‘కరోగే యాద్ తో’ పాట వినిపిచ్చిండు. అప్పటి నుంచి రోజుకు ఇరవై సార్లు వింటున్న. నా కథే ఆ పాట. దాన్ని ఆమె ఫోన్‌కు పంపాలని ఉన్నది. ఒక్క మాట రాయ. ఉత్త పాటనే. పంపనా, వద్దా?”

ఇంతవరకూ అయితే జవాబు తేలికే. కానీ సంతకానికి కింద, కాగితం చివర మిగిలిన జానెడు చోటులో, చిన్న అక్షరాలతో ఇంకో మూడు లైన్లున్నాయి. “ఇంట్ల చెప్త చెప్త అనుకుంట పోయిన అన్నా. పరీక్షలైనంక అన్న. అక్క పెండ్లైనంక అన్న. ఆమె చూసి చూసి ఊకున్నది.”

అసలు ఉత్తరం ఆ మూడు లైన్లే అని నాకనిపించింది. దాని సంగతి తర్వాత. ముందు పాట సంగతి.

‘బాజార్’ 1982లో వచ్చింది. ‘కభీ కభీ’, ‘సిల్సిలా’ చిత్రాలకు కలం పట్టిన సాగర్ సర్హదీ సొంతంగా దర్శకత్వం వహించిన చిత్రం. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫారూఖ్ షేక్, సుప్రియా పాఠక్... ఈ నలుగురూ ఒకే తెరమీద ఉంటే ఇంక చెప్పేదేముంది! సంగీతం ఖయ్యాం. కథంతా తిరిగేది మన హైదరాబాద్ చుట్టూనే.

పాటల విషయంలో ఈ చిత్రానిది ఒక వింత. నాలుగు కాలాల కవులు ఒకే సినిమాలో కలిశారు. 18వ శతాబ్దపు మీర్ తఖీ మీర్ గజల్ లతా మంగేష్కర్ పాడింది. 19వ శతాబ్దపు లక్నో కవి మీర్జా షౌఖ్ రాసిన విరహ కావ్యంలోంచి కొన్ని చరణాలు ఖయ్యాం గారి శ్రీమతి జగ్జీత్ కౌర్ పాడింది. పూల మీద రాసిన ఆ ప్రసిద్ధ గజల్ మన మఖ్దూం మొహియుద్దీన్‌ది. మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టి, హుస్సేనీ ఆలంకి కాస్త దూరంలోనే ఉన్న సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆనక ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి దూకిన మఖ్దూం! దాన్ని లతతో కలిసి పాడిన తలత్ అజీజ్ కూడా హైదరాబాదీయే.

ఇక నాలుగోది మన కుర్రాడి పాట. రాసింది బషర్ నవాజ్. ఔరంగాబాద్ కవి. ఆయన పుట్టిన 1935లో ఔరంగాబాద్ కూడా నిజాం రాజ్యంలోదే, కాబట్టి ఆయన్నీ మనవాడే అనుకుంటే తప్పులేదు. పాడింది భూపీందర్ సింగ్. 1971లో ‘హరే రామ హరే కృష్ణ’లో దేశాన్ని ఊపేసిన ‘దమ్ మారో దమ్’కి గిటార్ వాయించిన భూపీందరే, పదకొండేళ్ళ తర్వాత ఈ పాట దగ్గర గొంతు తగ్గించి, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడాడు. ఎక్కడా గొంతు చించుకోలేదు. ఏడుపు తెచ్చుకోలేదు. అందుకే వినేవాడికి ఏడుపొస్తుంది!

మొన్న ఆదివారం సాయంత్రం ఉత్తరం జేబులో వేసుకుని ఆ పక్కకే వెళ్ళాను. చార్మినార్ దగ్గర దిగి, లాడ్ బజారు గాజుల తళుకులు దాటి, మహబూబ్ చౌక్ గడియారం పక్కనుంచి నడుచుకుంటూ పోతే హుస్సేనీ ఆలం వస్తుంది. మొహర్రంలో నిలిపే ‘అలం’ పేరు మీద వెలిసిన పేట. పైగా నవాబుల పేట. ఖుర్షీద్ జా దేవిడీ ఎత్తయిన స్తంభాలు చూడాలంటే తల బాగా వెనక్కి వంచాల్సిందే. ఆ చుట్టూ మాత్రం మామూలు గల్లీలు. స్కూటర్లు, ట్యూషన్ బోర్డులు, గుమ్మాలకు వేలాడే పరదాలు. ఒక హోటల్లో కూర్చుని చాయ్ చెప్పి, చెవుల్లో ఆ పాట పెట్టుకున్నాను.

అక్కడ వింటుంటే ఇదివరకు పట్టించుకోనివి రెండు పట్టుబడ్డాయి.

ఒకటి... ఆ పాటలో పెద్ద పెద్ద మాటలేవీ లేవు. ఒక గల్లీ మలుపు, అక్కడ ఎదురుచూసే ఓ తలుపు, అరచేతిలో గోరింటాకు, వాన ముసురు. అంతే! హుస్సేనీ ఆలంలో ఏ గల్లీ తిరిగినా కనబడే సామానే. మన కుర్రాడు ‘నా కథే’ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ మలుపు అతను రోజూ తిరిగేదే మరి!

రెండోది అసలైంది. విరహగీతాలు సాధారణంగా గతం గురించి ఏడుస్తాయి. అలా చేశావు, ఇలా పోయావు అంటాయి. ఈ పాట అంతా భవిష్యత్తులో ఉంటుంది! నువ్వు తలుచుకున్న నాడు ఇవన్నీ గుర్తొస్తాయి అంటుంది, అంతే. ఎవరు వదిలి వెళ్ళారో చెప్పదు. ఎవరిది తప్పో చెప్పదు. మొత్తం పాటలో ఒక్క నింద లేదు. కావాలంటే మళ్ళీ విని చూడండి.

ఇప్పుడు మన తెలుగు సంగతికొద్దాం. ప్రేమ విఫలమైందనగానే మనకి గుర్తొచ్చేది ఎవరు? ఇంకెవరు... దేవదాసు! 1953లో అక్కినేని నాగేశ్వరరావు గారు తూలుతూ, ఘంటసాల గారు గుండె పిండుతూ మనకొక నమూనా ఇచ్చేశారు. గ్లాసు, కుక్క, దగ్గు. అప్పటి నుంచి మనవాళ్ళకి ప్రేమ చెడితే అదే వేషం. కానీ శరత్ నవల ఓసారి తిరగెయ్యండి. పార్వతి అర్ధరాత్రి అతని గదికొచ్చి తన మనసు చెబుతుంది. దేవదాసు ఏం చేశాడు? కలకత్తా పోయి, నీ మీద నాకంత ప్రేమ ఎప్పుడూ లేదు అనే అర్థం వచ్చేలా ఒక ఉత్తరం రాసి పోస్టులో పడేశాడు. ఆ తర్వాత పశ్చాత్తాపపడి పరుగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ కథకి మూలం అంతస్తులు కాదు, విధీ కాదు... ఆ ఉత్తరం! మనకి గ్లాసు గుర్తుంది, కుక్క గుర్తుంది, ఉత్తరం మాత్రం గుర్తులేదు. ఎందుకంటే గ్లాసు పట్టుకుంటే లోకం జాలిపడుతుంది. ఉత్తరం గుర్తుచేసుకుంటే మనల్ని మనమే నిలదీసుకోవాలి.

సముద్రాలవతల కూడా ఇదే గొడవ. అమెరికాలో నల్లజాతి గాయకుల పాటల్లో ‘సోల్’ అని ఒక రకముంది. సోల్ అంటే ఆత్మ. చర్చిలో దేవుడి కోసం గొంతెత్తి పాడే బాణీని 1950లలో రే ఛార్లెస్ వంటివాళ్ళు ప్రేమ పాటల్లోకి తెచ్చారు. దేవుడి బాణీ ఆడదాని కోసం పాడతావా అని కొందరు మండిపడ్డారు కూడా! 1967లో ఇరవై ఆరేళ్ళకే విమాన ప్రమాదంలో పోయిన ఓటిస్ రెడ్డింగ్ పాటలు వినండి. ప్రేమ చల్లారిపోతోందని తెలిసీ వదల్లేనివాడి గొంతు అది. బతిమాలతాడు, బద్దలవుతాడు. కానీ ప్రార్థనలోంచి వచ్చిన గొంతు కాబట్టి కాబోలు, అందులో శాపనార్థాలు వినబడవు. దేవుడి ముందు నిలబడ్డవాడు ముందు తన లెక్క చెప్పుకోవాలి కదా!

మళ్ళీ ‘బాజార్’కొస్తాను. ఆ పాటని పాటగా మాత్రమే విని వదిలేస్తే సగమే విన్నట్టు. సినిమా కథ ఇదీ. నజ్మా (స్మితా పాటిల్) తనని పెళ్ళాడతానన్న అఖ్తర్‌ని నమ్ముకుని బొంబాయిలో ఉంటుంది. ఆ పెళ్ళి మాత్రం వాయిదా మీద వాయిదా పడుతుంటుంది. ఆమెను మూగగా ప్రేమించే కవి సలీం (నసీరుద్దీన్ షా). అఖ్తర్‌కి ఆసరాగా ఉన్న ఓ డబ్బున్న పెద్దమనిషికి చిన్న వయసు పెళ్ళికూతురు కావాలి. దానికోసం హైదరాబాద్ వస్తారు. సంబంధం వెతకడంలో నజ్మా కూడా చెయ్యి వేస్తుంది, తన పెళ్ళికి దారి దొరుకుతుందని. తీరా బలయ్యింది ఎవరు? తను సొంత తమ్ముడిలా చూసుకునే సర్జూ (ఫారూఖ్ షేక్) ప్రాణంగా ప్రేమించిన షబ్నం (సుప్రియా పాఠక్)! ఆ పిల్ల పెళ్ళయ్యాక ప్రాణం తీసుకుంటుంది. అప్పుడు నజ్మా, ఈ బజారులో అమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను అని గ్రహిస్తుంది.

ఇది సినిమా కల్పనే అని కొట్టిపారెయ్యలేం. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళుతున్న విమానంలో ఏడుస్తూ కూర్చున్న పదేళ్ళ పాతబస్తీ పాపను ఎయిర్‌హోస్టెస్ పలకరిస్తే, పక్కనున్న అరవై ఏళ్ళ సౌదీ దేశస్థుడితో పెళ్ళి చేసి పంపారని తేలింది. దేశమంతా గగ్గోలెత్తిపోయింది. సర్హదీ తొమ్మిదేళ్ళ ముందే తెరమీద చెప్పిన మాటే అది. పేదరికం బేరం పెడుతుంది... మంచివాళ్ళు నోరు మూసుకుంటారు... బేరం కుదిరిపోతుంది.

ఆ సినిమాలో నన్ను వెంటాడేది డబ్బున్న పెద్దమనిషి కాదు. అలాంటివాళ్ళని అసహ్యించుకోవడం సులువు. వెంటాడేది నజ్మా. చెడ్డది కాదు. ప్రేమించే మనిషే. కాకపోతే సమయానికి ‘వద్దు’ అనలేదు. పశ్చాత్తాపం అంటే అదీ! మనకు జరిగింది తలుచుకుని ఏడవడం దుఃఖం. మనం చేసింది, లేదా చెయ్యాల్సిన వేళ చెయ్యనిది, తలుచుకుని తలదించుకోవడం పశ్చాత్తాపం.

ఇప్పుడు తమ్ముడూ... నీ ప్రశ్న.

పంపకు.

ఎందుకంటావా? పాటలో నింద లేదు, నిజమే. కానీ పెళ్ళికి నెల ముందు, గోరింటాకు పెట్టుకోబోయే చేతుల్లో ఉన్న ఫోన్‌కి అది వెళితే నింద అవుతుంది. నువ్వు ఒక్క మాట రాయకపోయినా అవుతుంది. ఆ పక్కనే వాళ్ళమ్మ ఉండొచ్చు, అన్న ఉండొచ్చు, రేపు పెళ్ళికొడుకే ఉండొచ్చు. నీకు కొద్ది నిముషాల పాట. ఆమెకు మూడు రోజుల సంజాయిషీ! రెండేళ్ళో మూడేళ్ళో ఎదురుచూసి అలిసిపోయిన మనిషి. ఆమె మీద ఇంకా భారం పెట్టడం న్యాయమేనా?

నీ ఇంటికి కాస్త అవతల పురానాపూల్ ఉంది చూడు. 1578లో కట్టింది. భాగమతి కోసం వరదలో గుర్రం దూకించిన రాకుమారుడి కథ చెబుతారు కదా, కొడుకు పడ్డ పాటు చూసి తండ్రి ఆ వంతెన కట్టించాడని. వంతెన పూర్తయ్యేనాటికి ఆ రాకుమారుడికి పట్టుమని పద్నాలుగేళ్ళు కూడా లేవు, కథ నమ్మడం కష్టమే! అయినా నాలుగు వందల ఏళ్ళుగా జనం దాన్నెందుకు చెప్పుకుంటున్నారంటావ్? వాడు ఆగలేదు గనక. వరద తగ్గాక వెళతానని అనలేదు గనక. నువ్వు పరీక్షల వరద తగ్గాక అన్నావు, అక్క పెళ్ళి వరద తగ్గాక అన్నావు. తిట్టడం లేదు తమ్ముడూ. నీ వయసులో చాలామంది చేసేదే. కానీ నీ ఉత్తరం చివర నువ్వే చిన్న అక్షరాలతో రాసుకున్నావు. వాటిని పెద్ద అక్షరాలతో రాసుకో. ఆమెకు కాదు, నీకు.

ఆ పని చేశాక పాట విను. ఇరవై సార్లు కాదు, ఒక్కసారి. అప్పుడు ‘నువ్వు తలుచుకుంటే’ అని భూపీందర్ పాడేది ఆమెతో కాదు, నీతోనే అనిపిస్తుంది. ఆ మలుపు, ఆ తలుపు అక్కడే ఉంటాయి. వాటి ముందునుంచి రోజూ కాలేజీకి వెళ్ళాల్సింది నువ్వే. తలెత్తుకుని వెళ్ళు. మళ్ళీ ఎప్పుడైనా ఒక అమ్మాయి ‘ఇంట్లో చెప్పావా?’ అని అడిగితే, ఆ సాయంత్రమే చెప్పు.

నేను హోటల్ నుంచి లేచేసరికి చీకటి పడింది. గల్లీ మలుపులో ఒక తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఎవరో చిన్నపిల్ల ఎక్కాలు అప్పజెబుతోంది. బయట ఒకాయన స్కూటర్ స్టాండ్ వేస్తూ హారన్ కొట్టాడు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. అన్ని తలుపులూ ఎదురుచూస్తూనే ఉండిపోవు, కొన్నిటికి సమయానికి వచ్చేవాళ్ళుంటారు.

ఏమంటారు పాఠకులారా? మీలో ఎవరి జేబులోనైనా ఇలాంటి పంపని పాట ఉంటే నాకు రాయండి. పేరు వెయ్యను. వచ్చే వారం మరో పాటతో కలుద్దాం... అంతవరకూ సెలవు!