డప్పు ఫోల్డరు నేనివ్వను

నన్ను ఓపెన్ సోర్స్ ద్రోహి అన్నారు. అన్నది బయటివాళ్ళు కాదు, రోజూ కలిసి టీ తాగే మావాళ్ళే. కారణం ఒక ఫోల్డరు. అందులో నలభై ఒక్క వేవ్ ఫైళ్ళున్నాయి, అన్నీ కలిపి పట్టుమని పది మెగాబైట్లు లేవు. దాన్ని గిట్‌హబ్‌లో పెట్టమని వాళ్ళు, పెట్టనని నేను. ఇదీ గొడవ.

సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త ముందునుంచి చెప్తా. లైవ్ కోడింగ్ అంటే ప్రోగ్రాం రాస్తూనే అప్పటికప్పుడు సంగీతం వాయించడం. నేను వాడేది టైడల్ సైకిల్స్, అలెక్స్ మెక్లీన్ అనే ఆయన హాస్కెల్‌లో రాసింది. దీనికి హార్మోనియం పెట్టెలూ గట్రా అక్కర్లేదు. మనం జీతం కోసం పొద్దస్తమానం కోడు కొట్టే టెక్స్ట్ ఎడిటరే చాలు, దానికో ప్లగిన్. ఆ ప్లగిన్ చేసే పని నిజానికి బహు స్వల్పం. కర్సర్ ఉన్న చోటి లైన్లు తీసుకెళ్ళి హాస్కెల్ ఇంటర్‌ప్రెటర్‌కి అందిస్తుంది. లయ లెక్క అక్కడ తేలుతుంది, మోగించే పని సూపర్ కొలైడర్‌ది. హష్ అని రాసి ఎంటర్ కొడితే అంతా నిశ్శబ్దం (ఆఫీసు మీటింగులకి కూడా ఇలాంటిదొకటి ఉంటే ఎంత బావుండు :)). మొదట్లో ఆటమ్‌లో వాడేవాణ్ణి. 2022 డిసెంబరులో గిట్‌హబ్ వాళ్ళు ఆటమ్‌కి మంగళం పాడేశారు, అప్పట్నుంచి విమ్.

"ఇదంతా పనిలేనివాడి పని" అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఆదివారం పూట ఎవరి పిచ్చి వాళ్ళది.

నా పేచీ వేరే. టైడల్‌లో లయని ఒక కొటేషన్ గుర్తుల మధ్య రాస్తాం. ఒక ఆవర్తంలో నాలుగు మాటలు రాస్తే నాలుగు దెబ్బలు. అదే ఆవర్తంలో ఐదు రాస్తే ఐదూ అంతలోనే సర్దుకుంటాయి. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి చతురశ్రం, ఖండం అంటే చటుక్కున అర్థమవుతుంది. ఈ పోలిక ఊరికే వచ్చింది కాదు. ఈ రాత పద్ధతికి మూలాల్లో ఒకటి బెర్నార్డ్ బెల్ రాసిన బోల్ ప్రాసెసర్. 1980ల మొదట్లో జేమ్స్ కిప్పెన్ అనే పరిశోధకుడు లక్నో తబలా మీద పని చేస్తుంటే, ఆయనకోసం ఆపిల్ టూ మీద తయారైన ప్రోగ్రాం అది. కాయిదాల వ్యాకరణాన్ని మిషనుకి చెప్పేవాళ్ళు, మిషను కొత్త బోల్స్ పుట్టించేది, ఉస్తాదు విని ఇది సరి, ఇది కాదు అనేవాడు, దాన్నిబట్టి వ్యాకరణం దిద్దేవాళ్ళు. ఆ ఉస్తాదు అఫాక్ హుస్సేన్ ఖాన్. కిప్పెన్ 1988లో వేసిన పుస్తకంలో ఆయన పేరుంది, అంచేత ఇవాళ నేను కూడా చెప్పగలుగుతున్నాను.

ఇప్పుడు టైడల్‌తో వచ్చే శాంపిల్స్ తెరిచి చూడండి. తబలా ఫోల్డరుంది. అందులో ఫైలు పేర్లలో ఏ దెబ్బో ఉంది, కొట్టిందెవరో లేదు. డప్పు ఫోల్డరు అసలే లేదు. సరే మనమే చేద్దామనుకున్నా. ఒక ఫోల్డర్లో వేవ్ ఫైళ్ళు పడేస్తే ఆ ఫోల్డరు పేరే వాయిద్యం పేరవుతుంది, అంత తేలిక.

మాది కాటారం. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి. మా ఊళ్ళో డప్పు ఎవరు కొడతారో, ఎందుకు కొడతారో తెలంగాణ పల్లె తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా తాత చచ్చిపోయినప్పుడు కొట్టింది నేను రికార్డు చేసుకున్న కాక వాళ్ళ నాయనే. ఎంతిచ్చారని మొన్న మా అమ్మనడిగితే మాట మార్చింది.

పోయిన దసరాకి ఆయన దగ్గర కూర్చుని రికార్డు చేశా. డప్పు సెగకి కాచి, సిర్రతో కొన్ని, చిటికెన పుల్లతో కొన్ని, రెండూ కలిపి కొన్ని. సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందే మూడు లైన్లు రాసి మోగించా. ఎనిమిదింట్లో మూడు దెబ్బలు సమానంగా పంచే సూత్రం ఒకటుంది, అది పెట్టా. నాకైతే వొళ్ళు పులకరించింది. కాక కాసేపు విని, "నిద్రవోతున్నోడు కొట్టినట్టున్నది బిడ్డా. అన్ని దెబ్బలు ఒక్కతీరేనా?" అన్నాడు.

నిజమే. దెబ్బకో ఫైలు మార్చి, గట్టిదనం కాస్త అటూ ఇటూ చేసి, కొన్నింటిని వెంట్రుకవాసి ఆలస్యం చేసి మళ్ళీ వినిపించా. "ఇప్పుడు తాగినోడు కొట్టినట్టున్నది" అన్నాడు. ఈ మాట మావాళ్ళకి చెప్పి నవ్వుకున్నాం. మొత్తం కథలో వాళ్ళకి గుర్తున్నది ఈ ఒక్క జోకే.

ఇహ వాళ్ళ వాదన. ఒకటి, ఒక్క దెబ్బకి కాపీరైటేమిటి? రెండు, ప్రపంచానికి పంచితే డప్పు బతుకుతుంది. మూడు, ఎలాగూ ఆయనకి తెలియదు కదా.

మొదటిదానికి జవాబు నాకే ఇబ్బందిగా ఉంది. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగుకి హక్కుదారు దాన్ని పూనుకుని చేయించినవాడు. అంటే సిర్ర పట్టినవాడు కాదు, బటన్ నొక్కిన నేను! ప్రదర్శకుడి హక్కులు 1994లో గానీ రాలేదు, తన పేరు చెప్పమని అడిగే హక్కయితే 2012 సవరణతో వచ్చింది. కాబట్టి "చట్టం ఒప్పుకుంటుంది" అని నాకు చెప్పకండి. చట్టం నా పక్కనుంది, అదే నా బాధ.

రెండోది వింటే చిర్రెత్తుకొస్తుంది. డప్పు బతకడం, కాక బతకడం ఒకటే అని ఎవరన్నారు? వినాయక నిమజ్జనానికి డీజే పెట్టెలు వచ్చాక డప్పు మోత ఎక్కడికీ పోలేదు, ఆ పాటల్లోనే ఉంది. పోయింది కొట్టేవాళ్ళకొచ్చే కూలి. ఇంకో ముక్క, కాక కొడుకు డప్పు ముట్టడు. పిలిస్తే పోయి శవం ముందు నడవడం వాడికి ఇష్టం లేదు. కళ అంతరించిపోతోందని హైదరాబాద్‌లో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు వాడి ముందుకెళ్ళి ఆ మాట అనాలి.

మూడోదానికి జవాబుగా నేను మళ్ళీ ఊరెళ్ళి అడిగా. కాకా, ఈ చప్పుళ్ళు ఎవరంటే వాళ్ళు వాడుకునేటట్టు పెట్టమంటున్నరు, పెట్టాల్నా? ఆయన చాలాసేపు ఏమనలేదు. బీడీ అయిపోయినంక అన్నాడు, "పెట్టు, పండుగలకు పబ్బాలకు కొట్టుకోనీ. గని పెట్టెల పెట్టి సావుకాడ మాత్రం కొట్టద్దను. నాకింత దొరికేది గక్కడనే."

ఇక్కడే చిక్కుబడ్డాను. సీసీ జీరో అంటే ఏ షరతూ ఉండదు. పేరు చెప్పమనే సీసీ లైసెన్సుతో పేరు ఒక్కటే వస్తుంది. ఇక ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఆరో సూత్రం ఏమంటుందంటే, ఫలానా పనికి వాడకూడదు అనే షరతు పెడితే అది ఓపెన్ సోర్సే కాదు. ఆ సూత్రాన్ని నేను పదిహేనేళ్ళుగా సమర్థిస్తున్నా. అణ్వాయుధాల కంపెనీలు లినక్స్ వాడితే ఏంటి అని ఎవరైనా అడిగితే కూడా నోరు పారేసుకున్నవాణ్ణే. చావు దగ్గర కొట్టొద్దు అనే షరతు ఆ సూత్రం ముందు నిలవదు. కానీ ఆయన అడిగింది అదొక్కటే.

కాబట్టి ఆ ఫోల్డరు నా లాప్‌టాప్‌లోనే ఉంటుంది. సదరు మిత్రులు నన్ను ఏమన్నా అనుకోండి. లైవ్ కోడింగులో తెర అందరికీ చూపించాలన్నది 2004లో ఈ మనుషులు కూడినప్పట్నుంచీ ఉన్న పట్టింపు, దాన్ని నేను పాటిస్తాను. నా ఎడిటర్లో మొదటి లైను రెండు అడ్డగీతల వెనక కామెంటు, అందులో కాక పేరు, ఊరి పేరు. మిషనుకి అది అక్కర్లేదు, చూసేవాళ్ళకి ఉండాలి. (ఇక్కడ రాయడం లేదు, తెర మీద వెయ్యమనే అడిగా, ఇక్కడికి అడగలేదు.) వాయించినందుకు ఎక్కడన్నా డబ్బులొస్తే సగం ఆయనకి. ఇప్పటిదాకా వచ్చింది రెండుసార్లు, అందులో ఒకసారి వాళ్ళిచ్చింది పిజ్జా.

సంక్రాంతికి మళ్ళీ వెళ్తున్నా. చిటికెన పుల్ల దెబ్బలు సరిగా రాలేదు, మైకు దూరమైంది. ఈసారి రోజుకూలి ఎంతో ముందే మాట్లాడుకున్నాం, కాక చెప్పిన అంకెకి నేను బేరమాడలేదు.