బల్ల కిందికి తోసిన కీబోర్డు

అనలాగ్‌కు ప్రాణం ఉంటుంది, డిజిటల్‌ది ప్లాస్టిక్ సౌండు. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ మా పెద్దపల్లి పోరగాళ్ల నోటిదాకా వచ్చింది. విడివిడి మాడ్యూళ్లను తీగలతో కలిపి వాయించే మాడ్యులర్ సింథసైజర్‌ను ఫోన్‌లో తప్ప ఎన్నడూ చూడని పిల్లవాడు కూడా బరాత్‌లో కీబోర్డు వాయించే అన్నను చూసి పెదవి విరుస్తున్నాడు. ఆ అన్న భుజాన వేసుకొచ్చిన పెట్టె ఎన్ని పెళ్లిళ్లను, ఎన్ని గణపతి మండపాలను, ఎన్ని జానపద పాటల రికార్డింగులను గట్టెక్కించిందో లెక్క తీసినవాడు లేడు. లెక్క తీయకపోతే పోనీ, చిన్నచూపు దేనికి?

మాడ్యులర్ గొప్పతనాన్ని నేను కాదనను. నా దగ్గరా మాడ్యూళ్లు బిగించిన ఒక చిన్న ర్యాక్ ఉంది, దాని మీద ప్రేమా ఉంది. 1960ల్లో రాబర్ట్ మూగ్ తయారుచేసిన ఆ యంత్రం మన దేశానికి రావడంలో ఆలస్యమూ కాలేదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ చేతుల మీదుగా మూగ్ మాడ్యులర్‌తో స్టూడియో మొదలైంది. సంగీతకారిణి గీతా సారాభాయ్ వంటివాళ్లు అక్కడ పనిచేశారు. అక్కడ రికార్డు చేసిన టేపులు దశాబ్దాలపాటు అలమరలో పడి ఉండి, 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోదగినవే. కానీ ఆ స్టూడియో గోడలు దాటి ఆ శబ్దం ఏ పల్లెకు పోయింది? సింథసైజర్‌ను ఓదెల మల్లన్న జాతర దారిదాకా తెచ్చింది డిజిటల్ కీబోర్డు. ఈ మాట చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

మాడ్యులర్‌లో స్వరాన్ని నడిపేది వోల్టేజీ. చాలా ర్యాకుల్లో ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పైకి పోతుంది. ఆ వోల్టేజీని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్లకు వేడి పడదు. స్వరం పుట్టించే మంచి ఆసిలేటర్లలో దానికి విరుగుడు పెడతారు, అయినా చల్లటి గదిలో శ్రుతి చేసిన ర్యాకును ఎండలోకి తెస్తే స్వరం జారుతుంది. మా పక్కనున్న రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం కొత్త ముచ్చటేమీ కాదు. పెళ్లి ముహూర్తాలూ ఎక్కువగా ఆ ఎండల్లోనే. ఆ వేడిలో సన్నాయి పక్కన నిలబడి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా శ్రుతి తప్పని వాద్యం ఏదంటే డిజిటల్ కీబోర్డే. లోపల క్వార్ట్జ్ స్ఫటికం గడియారం నడుస్తుంటుంది, అది మన ఎండకు లొంగదు. ఈ నిలకడకు మనవాళ్లు పెట్టిన పేరు 'జీవం లేకపోవడం'. ఇక ఏమనాలి!

ఇంకో అన్యాయం చెబుతాను. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో పట్టుకున్న ఎఫ్‌ఎం పద్ధతిని తీసుకుని యమహా 1983లో డీఎక్స్7 కీబోర్డు తెచ్చింది. అందులో ఒక్కో స్వరానికి తరంగాలు పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే అల్లికలు 32, ఒకేసారి 16 స్వరాలు. ఎఫ్‌ఎంలో ఒక తరంగం ఇంకో తరంగాన్ని ఊపుతుంది. ఆ రెండింటి నిష్పత్తి పూర్ణ సంఖ్యల్లో కుదరనప్పుడు పుట్టే శబ్దమే గంట, గజ్జె, కంచు తాళం. మామూలు అనలాగ్ ఆసిలేటర్, ఫిల్టర్‌తో గుడిగంట మోత తెప్పించాలని కూర్చుంటే తెల్లారుతుంది. అదే ఎఫ్‌ఎంలో ఒక్క ఆపరేటర్ నిష్పత్తిని కాస్త జరిపితే చాలు, కంచు మోగుతుంది. ఒగ్గుకథ డోలు దెబ్బలాంటి బరువైన అడుగు కావాలంటే అనలాగ్ దగ్గరికే పోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఒగ్గుకథలో డోలు ఒక్కటే మోగదు కదా, తాళాలూ మోగుతాయి.

చరిత్ర చూసినా అనలాగ్‌కూ డిజిటల్‌కూ పగ లేదు. జర్మనీలో వుల్ఫ్‌గాంగ్ పామ్ చేసిన పీపీజీ వేవ్‌లో ఆసిలేటర్లు డిజిటల్, ఫిల్టర్లు అనలాగ్. 1985 నాటి కోర్గ్ డీడబ్ల్యూ-8000, 1986 నాటి ప్రాఫెట్ వీఎస్ కూడా అదే కాపురం చేశాయి. మన దగ్గర 1986లోనే ఇళయరాజా తమిళ సినిమా 'పున్నగై మన్నన్'కు కంప్యూటర్, సీక్వెన్సర్ సాయంతో పాటలు కట్టారు. ఆ మీటల దగ్గర కూర్చున్న కుర్రాడు దిలీప్, తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. ఆ సినిమా మనకు 'డాన్స్ మాస్టర్' పేరుతో వచ్చింది. ఆ పాటలు విని ప్లాస్టిక్ అన్నవాడిని నేనైతే చూడలేదు.

అసలు సంగతి ర్యాకు లోపలే ఉంది. ఇవాళ మాడ్యులర్ ప్రియులు ఎగబడి కొనే మాడ్యూళ్లలో ఎన్నో డిజిటల్‌వే. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు ఒకప్పుడు తయారుచేసిన ప్లేట్స్, క్లౌడ్స్ విప్పి చూడండి, లోపల కూర్చున్నది మైక్రోకంట్రోలర్. అదే చిప్పు అల్యూమినియం పలక వెనక ఉంటే కళ, మీటల కింద ఉంటే ఆటబొమ్మ. ఈ న్యాయం నాకు అర్థం కాదు.

రెండింటినీ కలిపి వాడటం కష్టమూ కాదు. మాడ్యులర్‌లో సంకేతం దాదాపు 10 వోల్టుల ఊపులో ఉంటుంది, కీబోర్డు లైన్ అవుట్ అందులో చిన్న వంతు మాత్రమే. అందుకే మధ్యలో సంకేతాన్ని పెంచే మాడ్యూల్ ఒకటి పెట్టాలి. అది లేకుండా కలిపి చూసి 'డిజిటల్ పీలగా ఉంది' అని తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ. కీబోర్డు పంపే మిడి సంకేతాన్ని వోల్టేజీగా మార్చే పెట్టె ఇంకొకటి కావాలి. మిడి ఒక్కో బీట్‌కు 24 టిక్కులు పంపుతుంది, వాటిని విభజించి సీక్వెన్సర్‌కు ఇస్తే రెండూ ఒకే తాళంలో నడుస్తాయి. ఆ తర్వాత చూడండి. నాలుగు స్వరాలను కీబోర్డులో ఒకేసారి పట్టి, వాటిని అనలాగ్ ఫిల్టర్‌లోంచి పంపి, ఆ ఫిల్టర్‌ను చేత్తో మెల్లగా తెరుస్తుంటే వచ్చేది ఆ రెంటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఇవ్వలేనిది. నా చిన్న ర్యాకు ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పైగా తీగలు పీకితే నిన్నటి శబ్దం పోయినట్టే. కీబోర్డు మాత్రం నిన్నటి శబ్దాన్ని పేరుతో సహా దాచి ఉంచుతుంది. బలహీనత దానికీ ఉంది. మిడిలో మామూలు నాబ్ 128 మెట్లలోనే కదులుతుంది, నెమ్మదిగా తిప్పితే ఆ మెట్లు చెవికి తగులుతాయి. అక్కడ వోల్టేజీదే పైచేయి. ఎవరి పని వాళ్లు చేస్తారు, అందులో ఎక్కువ తక్కువలేముంటాయి?

హైదరాబాద్‌లో ఒక కార్యక్రమానికి నన్ను పిలిచారు. ర్యాకును బల్ల మీద, దీపాల ముందు పెట్టించారు. కీబోర్డును బల్ల కింద పెట్టి, పైన గుడ్డ కప్పమన్నారు. ఫొటోలో బాగుండదట. ఆ రాత్రి జనం చప్పట్లు కొట్టిన గంటల మోత ఆ గుడ్డ కిందినుంచే వచ్చింది. అయిపోయాక వచ్చి అడిగినవాళ్లంతా ర్యాకు గురించే అడిగారు.

కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖనిల్లో పాటలు చేసే తమ్ముళ్లకు, అన్నలకు ఒక మనవి. అటక మీద పాత యమహానో రోలాండో ఉంటే తుక్కుకు వేయకండి. పాతవాటిలో చాలావరకు లోపలి బ్యాటరీ అయిపోయి శబ్దాలు మరిచిపోతాయి, అంతే. ముందు ఆ బ్యాటరీ మార్పించి చూడండి. బాగుపడ్డాక దాన్ని మాడ్యులర్ ఉన్నవాడి ఇంటికి తీసుకుపోయి కలిపి వినండి. పాట యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు పాడినవాళ్ల పేరు, ఆడినవాళ్ల పేరు రాసినట్టే కీబోర్డు వాయించినవాడి పేరు కూడా రాయండి. దానికి పైసా ఖర్చు లేదు.