పిండం బిడ్డా కాదు, సరుకూ కాదు

నైట్రజను ద్రవంలో నిలవచేసిన మానవ పిండం మనిషా, వస్తువా? వైద్యులూ న్యాయవాదులూ తేల్చుకోవలసిన ఈ సంగతిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. ఈ వివాదమంతా మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నది. ఆ మాట “బిడ్డ”. ఆ మాట అర్థాన్ని ఎవరు సాగదీస్తున్నారు, ఎందుకు సాగదీస్తున్నారు, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అని విచారించడం విమర్శకుల పనే.

ముందు సంగతి చెప్పుకుందాం. 2020 డిసెంబరులో, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మొబైల్ నగరంలోని ఒక ఆసుపత్రిలో పిండాలను నిలవచేసే గదిలోకి ఒక రోగి ఎలాగో ప్రవేశించడమూ, పాత్రలో చెయ్యిపెట్టి పిండాలను బయటికి తీయడమూ, ఆ అతిశీతలానికి చెయ్యి కాలి జారవిడవడమూ జరిగాయి. పిండాలు నశించాయి. వాటి దంపతులు దావా వేశారు. మైనరు బిడ్డ ఇతరుల తప్పువల్ల మరణిస్తే తల్లిదండ్రులకు పరిహారం ఇప్పించే 1872 నాటి చట్టాన్ని ఆశ్రయించారు. 2024 ఫిబ్రవరి 16న ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, గర్భసంచి బయట ఉన్న పిండం కూడా ఈ చట్టం దృష్టిలో బిడ్డే అని తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి టామ్ పార్కర్ విడిగా రాసిన అభిప్రాయంలో బైబిలునూ క్రైస్తవ మతాచార్యులనూ ఆధారంగా చూపించారు.

ఆ దంపతుల దుఃఖాన్ని నేను తేలిక చెయ్యడం లేదు. ఎంతో ఖర్చూ బాధా పడి దాచుకున్న ఆశ ఒకరి అజాగ్రత్తవల్ల నేలపాలైతే పరిహారం అడగడం న్యాయం. ఐతే పరిహారం ఇప్పించడానికి పిండాన్ని బిడ్డ అనవలసిన అగత్యం లేదు. అజాగ్రత్తకు శిక్ష వేరు, హత్యకు శిక్ష వేరు. ఆ రెంటినీ ఒకటి చేయడంలోనే కిటుకు ఉన్నది.

ఈ తీర్పు వచ్చిన కొత్తలో మా అధ్యాపకుల గదిలో ఒక పెద్దమనిషి పత్రిక మడిచి బల్లమీద పెట్టి, “చూశారా! వాళ్ళు ఇప్పటికి కళ్ళు తెరిచారు. భ్రూణహత్య మహాపాతకమని మనవాళ్ళు ఏనాడో చెప్పారు” అన్నారు. ఆయన ఒక్కరి మాటే ఐతే ఈ వ్యాసం రాయనక్కర లేదు. చదువుకున్న వారిలో చాలామంది మనసులో ఉన్న మాట అది. కనుక ఆ వాదానికే జవాబు చెబుతాను.

మొట్టమొదట వాస్తవం చూడాలి. సాధారణంగా పిండాన్ని నిలవచేసేది అండం ఫలించిన అయిదారు రోజులకు. అప్పటికి అది నూరు, రెండువందల జీవకణాల ముద్ద. దానికి మెదడు లేదు, నరం లేదు, నొప్పి తెలిసే సాధనమేదీ లేదు. సున్నకు దిగువన 196 డిగ్రీల చలిలో దాని జీవక్రియలన్నీ నిలిచిపోయి ఉంటాయి. సుమారు పధ్నాలుగు రోజుల దాకా అదే పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు. మొదటి రోజే అది ఒక వ్యక్తి అయితే, ఆ ఒక్క వ్యక్తి తరువాత ఇద్దరు వ్యక్తులు ఎట్లా అయ్యాడో ఆ న్యాయమూర్తులే చెప్పాలి. సహజమైన దాంపత్యంలో కూడా ఫలించిన అండాలలో గణనీయమైన భాగం గర్భసంచికి అంటుకోకుండానే తల్లికి తెలియకుండా పోతాయి. వాటికి అంత్యక్రియలు చేసిన మతం ప్రపంచంలో నేనెరిగినంతలో లేదు.

“బిడ్డ కాకపోవచ్చు, కాని బిడ్డ కాగలదు గదా” అంటారు. కాగలదు. విత్తనం పంట కాగలదు. అంతమాత్రాన గాదెలోని విత్తనపు వడ్లకు ఎవడూ శిస్తు కట్టడు. విత్తనానికి నేల కావాలి, నీరు కావాలి, రైతు రెక్కల కష్టం కావాలి. పిండానికి కావలసిన నేల ఒక స్త్రీ శరీరం. తొమ్మిది నెలల ఆమె రక్తమాంసాలు, ఆమె ప్రాణానికి సిద్ధపడిన ప్రమాదం, ఆమె శ్రమ, ఇవన్నీ కలిస్తే బిడ్డ. వీటిని లెక్కలోంచి తీసేసి, గాజునాళికలో ఉన్నదే బిడ్డ అనేవాడు పిండాన్ని గౌరవిస్తున్నట్టు కనిపిస్తాడు. నిజానికి అతడు తల్లి చేసిన పనిని సున్న కింద కొట్టివేస్తున్నాడు. రైతు చెమటను లెక్కపెట్టకుండా పంట భూస్వామి పుణ్యమన్న వాదానికీ దీనికీ పోలిక లేదా?

చట్టం సంగతీ అంతే. 1872 నాటికి అండమూ శుక్రకణమూ కలిసే తీరును ఆస్కార్ హెర్ట్‌విగ్ ఇంకా ప్రకటించనైనా లేదు. 1876లో గాని ఆయన, సముద్రపు జీవుల అండాలలో చూసినదాన్ని ప్రకటించలేదు. గర్భం బయట పిండం అనే ఊహే లేని కాలంలో రాసిన “బిడ్డ” అన్న మాటలోకి నేటి ప్రయోగశాలను కూరితే అది వ్యాఖ్యానం కాదు. పరీక్షలో మా విద్యార్థి ఎవడైనా ఒక పద్యానికి ఇట్లా అర్థం రాస్తే సున్న మార్కులు వేస్తాం.

ఆ తరువాత జరిగిన కథ ఇంకా చిత్రం. తీర్పు వచ్చిన కొద్దిరోజులకే అలబామా విశ్వవిద్యాలయపు బర్మింగ్‌హామ్ వైద్యశాలతో సహా కొన్ని చికిత్సాలయాలు ఈ చికిత్స ఆపివేశాయి. ఇంజక్షన్లు పొడిపించుకుని అండాలు తీయించుకోవడానికి సిద్ధంగా ఉన్న స్త్రీలు మధ్యలో నిలిచిపోయారు. గగ్గోలు పుట్టింది. మార్చి 6న గవర్నరు కే ఐవీ కొత్త చట్టంమీద సంతకం చేశారు. చికిత్సలో పిండానికి హాని కలిగినా, నాశనమైనా చికిత్స చేసేవారిమీద సివిలు దావాగాని క్రిమినలు కేసుగాని ఉండదని దాని సారాంశం. పిండం బిడ్డ కాదని మాత్రం ఆ చట్టం అనలేదు. అంటే ఏమన్నమాట? ఫిబ్రవరిలో వాటిని బిడ్డలన్నారు; మార్చిలో ఆ బిడ్డలు చస్తే అడిగే నాథుడు ఉండడన్నారు. నిజంగా బిడ్డలని నమ్మినవాడెవడైనా అటువంటి చట్టం చేస్తాడా? చెయ్యడు. వారికి కావలసింది పిండాల రక్షణ కాదు, ఆ మాటకున్న అధికారం. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావపు హక్కును రద్దు చేసిన తరువాత ఆ మాట ఎవరిమీద ప్రయోగించడానికో వేరే చెప్పనక్కర లేదు.

ఇక భ్రూణహత్య. శాస్త్రాలు దాన్ని పాతకాలలో చేర్చిన మాట నిజమే. ఐతే తెలుగుదేశంలో ఆ పాతకం బరువు మోసిందెవరు? ఎనిమిదో ఏట పెళ్ళయి పదో ఏట బొట్టు చెరిపించుకున్న బాలవితంతువులు. వారికి పునర్వివాహం వద్దన్నదీ శాస్త్రమే, వారికి కడుపు వస్తే మహాపాతకమన్నదీ శాస్త్రమే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయనను వెలివేసింది శాస్త్రం చదివిన పెద్దలే. పిండంమీద దయ ఉన్నదని చెప్పుకున్నవారు ఆ పిండాన్ని మోసే పిల్లమీద దయ చూపలేదు. నాటి కథ అది. అలబామాలో నేటి కథ అంతకు భిన్నంగా లేదు.

మా పెద్దమనిషి అక్కడితో ఆగలేదు. గాంధారి మాంసపిండమూ, వ్యాసుడి నేతికుండలూ గుర్తుచేశారు. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో, అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నవారే కౌరవులు మూలకణాలతో, పరీక్షనాళికలలో పుట్టారని సెలవిచ్చారు కనుక ఈయనను ఒక్కరినే అనడమెందుకు? భారతం పాఠం చెప్పేవాడిగా నేను చెప్పగలిగింది ఒకటే. ఆ కథలో విజ్ఞానశాస్త్రం లేదు గాని, స్త్రీ వేదన ఉన్నది. తోడికోడలు ముందుగా కొడుకును కన్నదని విని, వంశానికి జ్యేష్ఠుణ్ణి ఇవ్వలేకపోయానన్న దిగులుతో తన కడుపుమీద తానే కొట్టుకున్న ఇల్లాలి కథ అది. కుండలను చూసి చప్పట్లు కొట్టినవారికి ఆ కడుపు కనిపించలేదు.

అసలు ఈ విద్యలో మన దేశానికి నిజంగా గర్వించదగ్గ కథ ఒకటి ఉంది. 1978 జులైలో ఇంగ్లండులో మొదటి పరీక్షనాళిక శిశువు పుట్టింది. ఆ అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషివల్ల “దుర్గ” పుట్టింది. పిండాన్ని శీతలంలో నిలవచేసి తరువాత గర్భంలో ప్రవేశపెట్టానని ఆయన చెప్పారు. నిలవచేసిన పిండంనుంచి ఆస్ట్రేలియాలో శిశువు పుట్టింది 1984లో. మన ప్రభుత్వం ఏం చేసింది? ఒక విచారణ సంఘాన్ని వేసి, ఆయన చెప్పింది నమ్మదగింది కాదని తేల్చి, ఆయనను పనికిరాని చోటికి బదిలీ చేసింది. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన కృషికి గుర్తింపు వచ్చింది ఎన్నో ఏళ్ళ తరువాత. ఆ సంఘాన్ని వేసింది వామపక్ష ప్రభుత్వమే అన్న సంగతి మనం దాచుకోకూడదు. పురాణంలోని కుండను నమ్మిన సమాజం ప్రయోగశాలలోని పాత్రను నమ్మలేదు. ఆ నేరంలో అభ్యుదయవాదులమని చెప్పుకునే వారికీ పాలు ఉంది.

“ఐతే అది వస్తువే అని ఒప్పుకోరాదా?” అని రెండో పక్షంవారు బయలుదేరతారు. వీరు ఆధునికులు, ఒప్పందాన్నీ ఆస్తినీ తప్ప మరిదేన్నీ నమ్మరు. వీరి దారి ఎక్కడికి పోతుందో చూడండి. 2023లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో విడాకులు పొందిన దంపతుల తగాదాలో ఒక న్యాయమూర్తి, పిండాలను సామాన్లుగా ఎంచి పంచవచ్చునని అభిప్రాయపడ్డాడు. దానికి ఆధారం దేంట్లో వెతికాడు? బానిసలను సామాన్లుగా ఎంచిన పందొమ్మిదో శతాబ్దపు చట్టంలో! 2025లో అక్కడే మరొక న్యాయమూర్తి ఆ వాదాన్ని తోసిపుచ్చారు, సంతోషం. కాని మనిషికి సంబంధించినదాన్ని సరుకుగా చూడాలంటే చివరకు బానిసల సంతకే పోవలసి వస్తుందని ఆ తీర్పు పాఠం చెప్పిపోయింది.

బిడ్డా కాదు, సరుకూ కాదు అంటే మరేమిటి? 1992లో టెన్నెసీ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది వ్యక్తీ కాదు, ఆస్తీ కాదు, ప్రత్యేకమైన మర్యాదకు తగినది అన్నది. నేను దానికి ఒక మెట్టు చేరుస్తాను. కొలబద్ద శరీరం. పిండం స్త్రీ శరీరంలోకి రాకముందు, దాని విషయంలో కారకులిద్దరి సమ్మతీ కావాలి. ఎవరినీ బలవంతాన తల్లినిగాని తండ్రినిగాని చేయరాదు. ఆమె శరీరంలోకి వచ్చిన తరువాత నిర్ణయం ఆమెదే. ఈ సూత్రం కొన్నిచోట్ల కఠినంగా ఉంటుందని ఎరుగుదును. క్యాన్సరుకు ముందుదశ కణితులవల్ల అండాశయాలు పోగొట్టుకున్న ఒక ఇంగ్లీషు స్త్రీ, విడిపోయిన సహచరుడు సమ్మతి ఉపసంహరించుకున్నందున, మిగిలిన పిండాలను వాడుకోలేకపోయింది. 2007లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం కూడా ఆమెకు తోడు రాలేదు. ఆమె దుఃఖం చూసి నా సూత్రాన్ని మార్చుకోవాలనిపించింది. కాని మారిస్తే, రేపు అదే సూత్రం ఇష్టంలేని స్త్రీమీద తిరగబడుతుంది.

వ్యక్తి అన్న వాదం ఆచరణలో ఎట్లా ఉంటుందో ఇటలీ చూపించింది. అక్కడ 2004 నాటి చట్టం పిండాలను నిలవచేయడాన్ని సాధారణంగా నిషేధించి, మూడింటికి మించి తయారు చేయరాదనీ, అన్నిటినీ ఒకేసారి గర్భంలో పెట్టాలనీ శాసించింది. పిండాలకు గౌరవం దక్కిందేమో! స్త్రీలకు మాత్రం మళ్ళీ మళ్ళీ ఇంజక్షన్లూ, మళ్ళీ మళ్ళీ అండాల వెలికితీతా, ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురి ప్రమాదమూ దక్కాయి. 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ మూడింటి నిబంధనను కొట్టివేసింది.

మన చట్టం సంగతి. 2021 నాటి సంతానసాఫల్య చికిత్సల నియంత్రణ చట్టం పిండాల అమ్మకాన్ని నిషేధించింది. నిలవకు పదేళ్ళ గడువు పెట్టింది. గడువు తీరాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో పరిశోధనకు ఇవ్వాలి. ఇక్కడ మన శాసనకర్తలు అలబామా న్యాయమూర్తులకంటె వివేకం చూపించారు. ఐతే పెళ్ళి కాకుండా కలిసి బతికేవారిని ఆ చట్టం గడప ఎక్కనివ్వలేదు. లక్షల రూపాయల ఖర్చును చూసి బీదవారు ఆ గడప దగ్గరికే రాలేరు. ఆశకు ధర కట్టే వ్యాపారం పెరిగినచోట మోసమూ పెరుగుతుంది. 2025 జులైలో సికింద్రాబాదులో ఒక సంతానసాఫల్య కేంద్రంమీద పోలీసులు కేసు పెట్టారు. అద్దెగర్భం ద్వారా మీ బిడ్డే అని నమ్మించి, బీదలనుంచి కొన్న పసికందును దంపతుల చేతిలో పెట్టారని వారి ఆరోపణ. దాన్ని న్యాయస్థానం తేల్చాలి. కాని పిండానికి ఆత్మ ఉన్నదా లేదా అని గొంతు చించుకునేవారు, పుట్టిన బిడ్డలు అమ్ముడుపోతున్నారన్న వార్తకు అంతగా గొంతు ఎత్తలేదు.

“మరి ఆడపిండాలను ఏరివేసేవారినీ మీరు సమర్థిస్తారా?” అని ఎవరైనా అడుగుతారు. సమర్థించను. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉండవలసిందే. అక్కడ నేరం పిండాన్ని చంపడం కాదు, ఆడదిగా పుట్టడమే తప్పని తీర్పు చెప్పడం. ఆ చట్టం కాపాడేది పుట్టి బతుకుతున్న స్త్రీజాతి గౌరవాన్ని.

చివరగా ఒక మాట. మా చిన్నాన్నగారి అమ్మాయి కిందటి వేసవిలో మా యింటికి వచ్చింది. ఆరేళ్ళ చికిత్స, రెండుసార్లు నిలిచి పోయింది, మూడోసారి కొడుకు పుట్టాడు. మిగిలిన మూడు పిండాలకు ఏటేటా అద్దె కట్టమని కాగితం వస్తున్నది. “అన్నయ్యా, నాకింక ఓపిక లేదు. వద్దని సంతకం పెడదామంటే, ముగ్గురు పిల్లల్ని చంపుకుంటావా అని మా అత్తగారు అంటున్నారు. పెడితే పాపమా?” అని అడిగింది. రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదట. ఎక్కడో సముద్రాల అవతల ఒక కోర్టు సాగదీసిన మాటా, ఇక్కడ మన పెద్దలు శాస్త్రంలోంచి తీసిన మాటా కలిసి ఆ పిల్ల నిద్ర చెడగొట్టాయి.

“నువ్వు ఎవర్నీ చంపడం లేదమ్మా. నీ బిడ్డ ఆ పక్కగదిలో నిద్రపోతున్నాడు” అన్నాను.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది కూడా అంతే.